విదర్ స్కెలిటన్ తలల వేటకు వెళ్ళే ముందు

మైన్‌క్రాఫ్ట్ ఆటలో బీకన్ (దగ్గరున్నవాళ్ళకు శక్తులిచ్చే దీపం) తయారు చేయాలంటే నెదర్ స్టార్ కావాలి. అది విదర్ అనే మూడు తలల రాక్షసిని చంపితేనే వస్తుంది. విదర్‌ను పిలవాలంటే మూడు విదర్ స్కెలిటన్ తలలు కావాలి. వాటిని గ్రామస్థులెవరూ అమ్మరు. నెదర్ అనే నిప్పుల లోకంలోని కోటకు వెళ్ళి, ఆ నల్లటి అస్థిపంజరాలను మన చేతులతో కూల్చి తెచ్చుకోవలసిందే.

వెళ్ళే ముందు ఒక లెక్క చూసుకోండి. ఇక్కడ చెప్పే అంకెలన్నీ కంప్యూటర్లలో ఆడే జావా ఎడిషన్‌వి. మామూలు కత్తితో చంపితే తల రాలే అవకాశం 2.5 శాతం, అంటే సగటున 40కి ఒకటి. అదీ సగటే సుమా. 40 చంపినా ఒక్క తల కూడా దొరకనివాళ్ళు మూడోవంతు కంటే ఎక్కువే ఉంటారు. ఎక్కువ సరుకు రాలేలా చేసే లూటింగ్ మంత్రం 3వ స్థాయిలో ఉన్న కత్తితో అయితే 5.5 శాతం, 18కి ఒకటి. మూడు తలలకు 120 చంపాలా, 55 చంపాలా అన్నది ఇంటి దగ్గర మంత్రాల బల్ల ముందే తేలిపోతుంది. లూటింగ్ లేకుండా బయలుదేరకండి. ఒకటి రెండు దెబ్బలాటలకు సరిపడా సరంజామాతో వెళ్ళినవాళ్ళు ఇరవయ్యో అస్థిపంజరం దగ్గర విసిగిపోతారు. ప్రమాదాలన్నీ ఆ విసుగులోనే జరుగుతాయి.

కత్తి మీద స్మైట్ మంత్రం కూడా ఉండాలి. ఇవి చచ్చి లేచిన జాతి కాబట్టి వాటి మీద అది పనిచేస్తుంది. విదర్ స్కెలిటన్ ప్రాణం 20. స్మైట్ 5 ఉన్న వజ్రపు కత్తి వేటు 19.5. అర పాయింటు తక్కువ! ఆ అర పాయింటుకే అది బతికి తిరిగి కొడుతుంది. గెంతి, కిందికి దిగుతూ కొడితే ఒక్క వేటుకే పోతుంది. అదే మంత్రం వజ్రం కంటే గట్టిదైన నెదరైట్ కత్తి మీద ఉంటే వేటు 20.5, గెంతనక్కరలేదు. రెంటికీ షరతు ఒకటే: కత్తి మళ్ళీ పూర్తిగా సిద్ధమయ్యేదాకా ఆగి కొట్టాలి. మౌసు టకటకలాడిస్తే ఈ లెక్కలేవీ పనిచేయవు.

కవచంలో ఒక్కటైనా బంగారంది ఉంచుకోండి, లేకపోతే దారిలో పిగ్లిన్లు (నెదర్‌లోని పంది మొహాల జీవులు) మీద పడతాయి. బంగారం వేసుకున్నా వాటి కళ్ళెదుట పెట్టె తెరిచినా, బంగారం తవ్వినా ఊరుకోవు. డాలు తప్పనిసరి. మంచం తీసుకెళ్ళి నెదర్‌లో పడుకోబోతే అది పేలుతుంది. బకెట్టు నీళ్ళూ అక్కడ పనికిరావు, పోయగానే ఆవిరైపోతాయి. గుండ్రాళ్ళు మాత్రం రెండు మూడు కట్టలు పట్టుకెళ్ళండి. నెదర్‌కు వచ్చిపోయే పోర్టల్ చుట్టూ వాటితో గోడ కట్టాలి. గాస్ట్ అనే ఎగిరే జీవి విసిరే నిప్పు ఉండ తగిలితే పోర్టల్ ఆరిపోతుంది, గుండ్రాళ్ళను మాత్రం పగలగొట్టలేదు. చెకుముకి కూడా సంచీలో ఉండాలి. అది మరిచిపోయి ఆరిన పోర్టల్ ముందు నిలబడితే ఆ దిగులు మామూలుగా ఉండదు.

కోట వెతకడంలో పాత సలహాలను నమ్మకండి. 2020 జూన్‌లో వచ్చిన 1.16 నెదర్ అప్‌డేట్ నుంచి కోటలూ బాస్టియన్లూ (పిగ్లిన్ల పాడుబడ్డ కట్టడాలు) ఒకే గళ్ళను పంచుకుంటున్నాయి, అంటే ఒక్కో ప్రాంతంలో రెంటిలో ఏదో ఒకటే ఉంటుంది. కాబట్టి బాస్టియన్ ఎదురైతే అక్కడక్కడే తిరగకుండా ఇంకాస్త దూరం పోవడం మేలు. దిక్సూచి నెదర్‌లో ఊరికే గిరగిరా తిరుగుతుంది. పోర్టల్ కోఆర్డినేట్లు కాగితం మీద రాసుకోండి. ముదురు ఎరుపు ఇటుకల స్తంభాల మీద పొడవాటి వంతెన కనిపించిందంటే చేరినట్టే.

కోటలో కొత్తవాళ్ళు చేసే మొదటి పని దారి పొడవునా దివిటీలు గుచ్చడం. వేటాడే చోట అది వద్దు. వెలుగు 7 దాటితే విదర్ స్కెలిటన్లు పుట్టవు. గంటసేపు ఎదురుచూసి, ఈ కోట దండగ అని తిట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. దివిటీలు మీరు ఊపిరి పీల్చుకునే గదికే పరిమితం చేయండి.

ఆ గది ద్వారం రెండు గళ్ళ (అంటే రెండు బ్లాకుల) ఎత్తే ఉండాలి. విదర్ స్కెలిటన్ ఎత్తు 2.4 గళ్ళు, మనం 1.8. మనం దూరిన చోట అది దూరలేదు. కానీ ద్వారానికి ఆనుకుని నిలబడితే దాని కత్తి మనకు అందుతుంది, ఒక అడుగు వెనకే ఉండండి. దాని వేటు మామూలు స్థాయిలో 8, అంటే నాలుగు గుండెలు. ఆపైన 10 సెకన్లపాటు గుండెలు నల్లబడి ఒక్కొక్కటిగా కరుగుతాయి. విషం అర గుండె దగ్గర ఆగిపోతుంది, ఇది ఆగదు, ప్రాణం తీసేదాకా పోతుంది. తేనె దీనికి పనిచేయదు. పాలు తాగితే పోతుంది. అసలు తిరకాసు అక్కడే ఉంది.

ఒకసారి నాకు రెండో తల దొరికింది, అదీ లావా అంచున పడింది. నిప్పు నుంచి కాపాడే ఫైర్ రెసిస్టెన్స్ మందు తాగి ఉన్నాను కదా అని ధీమాగా లావాలోకి దిగి దాన్ని అందుకున్నాను. నిప్పు విదర్ స్కెలిటన్లనూ ఏమీ చేయదన్న సంగతి ఆ క్షణంలో గుర్తులేదు. వెనకే ఒకటి లావాలోకి దిగి వచ్చి కొట్టింది. గుండెలు నల్లబడ్డాయి. చేయి దానంతటదే పాల బకెట్టు మీదికి పోయింది. పక్కన కూర్చుని చూస్తున్న మా తమ్ముడు "అన్నయ్యా, పాలు వద్దు!" అనేలోపే తాగేశాను. పాలు చెడు ప్రభావాలనే ఏరి తీయవు, మంచివాటినీ తుడిచేస్తాయి. నల్లదనం పోయింది, దాంతోపాటే నిప్పు నుంచి కాపాడుతున్నదీ పోయింది. వజ్రపు కవచం, కత్తి, రెండు తలలు అన్నీ లావాలో కాలిపోయాయి. నెదరైట్‌వి అయితే తేలుతూ ఉండేవి. తమ్ముడు ఆ తర్వాత నెలరోజులు ఇంట్లో పాల గ్లాసు చూసినప్పుడల్లా నవ్వాడు.

అందుకే లావాలో ఉన్నప్పుడు పాల జోలికి పోకండి. ముందు గట్టు ఎక్కండి. వేటకు కూడా వంతెన అంచుల్ని కాక లోపలి నడవల్నే ఎంచుకోండి, అక్కడ తల రాలినా నేల మీదే పడుతుంది. ఫైర్ రెసిస్టెన్స్ రెడ్‌స్టోన్ కలిపి కాచినదైతే 8 నిమిషాలు ఉంటుంది, కలపనిది 3 నిమిషాలే.

దొరికిన తలను సంచీలో వేసుకుని తిరగకండి. చచ్చిపోతే కిందపడ్డ సరుకు 5 నిమిషాల్లో మాయమవుతుంది. ఆ లోపు పోర్టల్ నుంచి కోటదాకా పరుగెత్తడం చాలాసార్లు కుదరదు. గదిలో ఒక ఎండర్ పెట్టె పెట్టి, తల దొరికిన ప్రతిసారీ అందులో వేసేయండి. ఇంటి దగ్గర ఇంకో ఎండర్ పెట్టె ఉంటే చాలు, అక్కడ తెరిచినా ఆ తలలే కనిపిస్తాయి. వచ్చేటప్పుడు కోటలోని పెట్టెను సిల్క్ టచ్ (తవ్విన దాన్ని చెడకుండా ఇచ్చే మంత్రం) లేని గడ్డపారతో తవ్వితే 8 అబ్సిడియన్ రాళ్ళే మిగులుతాయి. సిల్క్ టచ్ ఉన్న గడ్డపార లేకపోతే పెట్టెను అక్కడే వదిలేసి రండి.