టెనర్ సాక్సోఫోన్లు, మౌత్‌పీసులు: సౌండ్ పోల్చి చూసుకోవడం ఎలా

టెనర్ కొనాలనుకునేవాళ్ళు ముందు అడిగేది ఏ కంపెనీది సౌండ్ బాగుంటుందని. యమహానా, సెల్మరా, యానగిసావానా అని మొదలుపెడతారు. నన్నడిగితే ఆ ప్రశ్న చివర్లో అడగాల్సింది. టెనర్ సౌండులో ఎక్కువ భాగం వాయించేవాళ్ళ నోట్లో, గొంతులో, ఊపిరిలో ఉంటుంది, ఆ తర్వాత మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క), రీడ్ (దానికి బిగించే, ఊదితే కంపించే సన్నటి పలక), ఆ తర్వాత నెక్ (మౌత్‌పీస్ తొడిగే పై వంపు గొట్టం), అన్నిటికన్నా చివర మిగతా ఇత్తడి గొట్టం. జాజ్ టెనర్ వాద్యకారుడు డెక్స్‌టర్ గోర్డన్ చాలా ఏళ్ళు కాన్ 10ఎమ్ అనే సాక్స్ మీద వాయించి తర్వాత సెల్మర్ మార్క్ 6కి మారాడు, మౌత్‌పీస్ కూడా డూకాఫ్ పోయి ఓటో లింక్ వచ్చింది. అయినా ఆయన పాత రికార్డు, కొత్త రికార్డు వరసగా పెట్టి వింటే నాలుగు స్వరాలు పడేలోపే మనిషెవరో తెలిసిపోతుంది.

అలాగని తేడాలు లేవని కాదు, ఉన్నాయి. కాకపోతే అవి చిన్నవి. రీడ్ పాతబడటం, ఒకటి కాస్త గట్టిగా ఊదడం, ఎక్కడో ఒక ప్యాడ్ (కీ కింద ఉండి రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ళ) సరిగ్గా మూసుకోకపోవడం, ఇలాంటివి వాటిని పూర్తిగా కప్పేస్తాయి. కాబట్టి పోల్చడమంటే ముందు వీటిని ఒక్కొక్కటిగా పక్కకి తప్పించాలి.

మొదట లీకులు. సాక్స్ గొట్టంలోకి సన్నటి ఎల్‌ఈడీ లైటు దించి, గదిలో దీపాలార్పి, కీలు మెల్లగా (మామూలుగా వాయించేటప్పుడు ఎంత నొక్కుతారో అంతే) మూసి చూడండి. ప్యాడ్ అంచు నుంచి వెలుగు బయటకొస్తే అక్కడ గాలి కూడా పోతున్నట్టే. లైటు లేకపోతే అన్నిటికన్నా కింది స్వరం, లో బి ఫ్లాట్, వీలైనంత మెల్లగా ఊదండి. వేళ్ళు బిగించి నొక్కితే తప్ప పలకకపోయినా, గరగరమని పై స్వరంలోకి ఎగిరిపోయినా ముందు రిపేర్ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి, సౌండ్ సంగతి తర్వాత. నెక్ వచ్చి బాడీలో కూర్చునే చోటు కూడా చూడాలి, స్క్రూ బిగించాక కూడా నెక్ కదులుతోందంటే అక్కడ లీక్ ఉన్నట్టే. పెళ్ళి బ్యాండుల్లో చేతులు మారి వచ్చిన సెకండ్ హ్యాండ్ టెనర్లకి ఇది మరీ ముఖ్యం. మార్క్ 6 అంటే 1954లో వచ్చి 1970ల మధ్య దాకా తయారైనది, దాని పేరు వింటేనే చాలామంది కళ్ళు మెరుస్తాయి, కానీ లీకయ్యే మార్క్ 6 కన్నా సరిగ్గా సర్వీస్ చేయించిన యమహా వైటీఎస్-280 మంచి సౌండిస్తుంది.

రెండు సాక్సులు పోలుస్తున్నారనుకోండి. మౌత్‌పీస్ మీకు అలవాటైనదే ఉండాలి, రెండిటికీ అదే ఉండాలి, రీడ్ తీసి మళ్ళీ పెట్టకుండా మౌత్‌పీస్‌తో పాటే ఒక నెక్ మీంచి ఇంకో నెక్ మీదికి మార్చాలి. ఎందుకంటే రీడ్ కొస వెంట్రుకవాసి కిందికో పైకో జరిగినా సౌండ్ మారుతుంది. రెండు సాక్సుల్నీ కాసేపు ఊది వేడెక్కనివ్వాలి, ఏసీ గదిలో చల్లబడిపోయిన గొట్టం శ్రుతి తగ్గి పలుకుతుంది. ఆ తర్వాత ట్యూనర్ పెట్టుకుని శ్రుతి కలపాలి. శ్రుతి కొంచెం ఎక్కువున్నది చెవికి "బ్రైట్"గా, తక్కువున్నది "డార్క్"గా అనిపిస్తుంది, అది వాయిద్యం గుణమని పొరపడతాం. నెక్ కొసనున్న కార్క్ మీద మౌత్‌పీస్ రెండిటికీ ఒకే గీత దగ్గర ఉండాలన్న నియమమేం లేదు, శ్రుతి ఎక్కడ కలిస్తే అక్కడ. వీలైతే నెక్కులు అటూ ఇటూ మార్చి కూడా చూడండి, ఒకే కంపెనీవైతే చాలాసార్లు సరిపోతాయి. మీకు వినిపించిన తేడా నెక్‌తో పాటే అటు వెళ్ళిపోతే ఇక మిగతా సాక్స్ మార్చాల్సిన పనే లేకపోవచ్చు.

మౌత్‌పీసుల దగ్గర పని ఇంత తేలిక కాదు. అసలు తేడాలు ఉండేదీ ఇక్కడే, జనం ఎక్కువ మోసపోయేదీ ఇక్కడే.

మౌత్‌పీస్‌లో చూడాల్సినవి ముఖ్యంగా నాలుగు. రీడ్ కొసకీ మౌత్‌పీస్ కొసకీ మధ్య ఖాళీని టిప్ ఓపెనింగ్ అంటారు. రీడ్ మౌత్‌పీస్‌ని వదిలి వంపు తిరగడం మొదలయ్యే చోటు నుంచి కొస దాకా ఉన్న పొడవు ఫేసింగ్. గాలి లోపలికి వెళ్ళగానే తగిలే పైకప్పు బాఫిల్, అది ఎత్తుగా రీడ్‌కి దగ్గరగా ఉంటే గాలి వేగంగా దూసుకెళ్ళి పై హార్మోనిక్స్ (అసలు స్వరంలో కలిసి పలికే ఎత్తైన స్వరాలు) బలంగా వస్తాయి, సౌండ్ పదునెక్కుతుంది. ఆ వెనక ఉన్న గది చాంబర్, అది పెద్దదైతే సౌండ్ గుండ్రంగా, మెత్తగా వస్తుంది. పాత బల్లాడ్లలో వినిపించే ఆ ఊపిరి కలిసిన మెత్తదనం (సబ్‌టోన్) పెద్ద చాంబర్, తక్కువ బాఫిల్ ఉన్న వాటిలో సులువుగా వస్తుంది. ఓటో లింక్ ఈ కోవలోది. డూకాఫ్ డి సిరీస్, గార్డాలా లాంటివి దానికి ఎదురు, ఎలక్ట్రిక్ గిటార్ల మధ్యలోంచి కూడా కోసుకుని బయటకొస్తాయి. మధ్యస్థంగా ఉండేవి కూడా బోలెడు.

నంబర్లు చూసి పోల్చకండి, ఏ కంపెనీ లెక్క దానిదే. ఓటో లింక్ 7కి పక్కన నక్షత్రం గుర్తు (7*) ఉంటే టిప్ ఓపెనింగ్ అంగుళంలో వెయ్యింట 105 వంతులు, అంటే సుమారు 2.67 మిల్లీమీటర్లు. యమహా 7సి చూడబోతే దీనికన్నా చాలా ఇరుకు, పేరులో రెండూ ఏడే. బెర్గ్ లార్సెన్ వాళ్ళది కొంత నయం, 110/2 అని రాస్తే 110 అన్నది నేరుగా వెయ్యింట వంతుల్లో ఓపెనింగ్, 2 అన్నది చాంబర్ రకం, 0 బాగా పదును, 3 బాగా మెత్తన. పోల్చే ముందు మీ దగ్గరున్న వాటి ఓపెనింగులన్నీ కంపెనీ పట్టిక చూసి మిల్లీమీటర్లలోకి మార్చి ఒక కాగితం మీద రాసుకోండి.

ఈ కాగితం రీడ్ విషయంలో పనికొస్తుంది. ఒకే రీడ్ అన్ని మౌత్‌పీసుల మీదా పెడితే న్యాయంగా ఉంటుందని అనిపిస్తుంది గానీ, ఓపెనింగులు దగ్గరదగ్గరగా ఉంటేనే అది న్యాయం. రీడ్ నంబర్ పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది, ఇరుకు మౌత్‌పీస్‌కి సరిపోయే మూడో నంబర్ రీడ్‌ని 110 ఓపెనింగ్ దాని మీద పెడితే అది దుంగలా మొండికేస్తుంది, గాలి చప్పుడు తప్ప స్వరం రాదు, అప్పుడు మీరు తిట్టుకునేది మౌత్‌పీస్‌ని. అదే రెండో నంబర్ రీడ్ ఇరుకు దానిమీద పెడితే గట్టిగా ఊదగానే మూసుకుపోతుంది. కాబట్టి ఓపెనింగుల్లో తేడా ఎక్కువుంటే రీడ్ నంబర్ కాకుండా ఊదడానికి పట్టే శ్రమ సమానం చేయండి, అంటే ఒకే కంపెనీ, ఒకే కట్ (రీడ్ చెక్కిన తీరు), ఓపెనింగ్ పెద్దదానికి నంబర్ మాత్రం అరో ఒకటో తగ్గించి. ఒక్కో మౌత్‌పీస్‌కి కనీసం రెండు మూడు రీడ్లు మార్చి చూడాలి, ఒకే డబ్బాలోని రీడ్లే ఒకదానికొకటి పోలవు. నాదస్వరం విద్వాంసులు వాయిద్యానికి అన్ని రీడ్లు వేలాడదీసుకుని తిరిగేది అలంకారానికి కాదు కదా. ఈ రీడ్ల గొడవ వద్దనుకుంటే పోలిక వరకు లెజేర్ లాంటి సింథటిక్ రీడ్ వాడండి, దాని సౌండ్ మీకు నచ్చకపోయినా సరే, ఎండిపోదు, నానిపోదు, గంట తర్వాత కూడా అలాగే ఉంటుంది. లిగేచర్ (రీడ్‌ని మౌత్‌పీస్‌కి బిగించే పట్టీ) గురించి మరీ మథనపడకండి. మెటల్ ఓటో లింక్‌కి సరిపోయేది లావుపాటి రబ్బర్ మౌత్‌పీస్‌కి ఎలాగూ పట్టదు, రీడ్‌ని వంకర లేకుండా గట్టిగా పట్టుకుంటే చాలు.

ఇప్పుడు సౌండ్ ఎక్కువ తక్కువల సంగతి. రెండిటిలో కాస్త గట్టిగా వినిపించిందే మన చెవికి "ఫుల్"గా, "రిచ్"గా అనిపిస్తుంది. షాపులో కొత్త మౌత్‌పీస్ పెట్టగానే అబ్బ ఏం సౌండ్ అనిపించేది సగం ఇందువల్లే. సాక్స్‌తో ఇంకో చిక్కుంది, గట్టిగా ఊదితే శబ్దం పెరగడమే కాదు, పై హార్మోనిక్స్ పెరిగి గుణం కూడా మారిపోతుంది, కాబట్టి రికార్డ్ చేశాక కంప్యూటర్లో వాల్యూమ్ తగ్గించినంత మాత్రాన సరిపోదు. వాయించేటప్పుడే సమానంగా ఉండాలి. ఫోనులో సౌండ్ మీటర్ యాప్ తెరిచి స్టాండ్ మీద పెట్టుకోండి, అది చూపించే డెసిబెల్స్ నిజమైనవా కాదా అన్నది అనవసరం, రెండిటికీ ఒకే అంకె వస్తే చాలు. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా, రెండు స్థాయిల్లో చేయండి. మెల్లగా ఊదినప్పుడు ఒకటే అనిపించిన రెండు మౌత్‌పీసులు గట్టిగా ఊదేసరికి పూర్తిగా విడిపోవడం మామూలే.

వాయిస్తూ వినేదాన్ని పూర్తిగా నమ్మకండి, పై పళ్ళు మౌత్‌పీస్ మీద ఆనించి ఉంటాయి కాబట్టి కంపనం ఎముకల ద్వారా నేరుగా చెవికి చేరుతుంది, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి అది వినిపించదు. అందుకే రికార్డింగ్. మైక్‌ని బెల్ (సాక్స్ చివర వెడల్పాటి నోరు) లోపల పెట్టకండి. సాక్స్‌లో స్వరం చాలావరకు తెరిచి ఉన్న రంధ్రాల్లోంచి వస్తుంది, బెల్ దగ్గర పెడితే కింది స్వరాలు తప్ప మిగతావి తప్పుగా పడతాయి. మీటరు, మీటరున్నర దూరంలో, సాక్స్ నడిమికి ఎదురుగా పెట్టి, మీరు నిలబడే చోట నేల మీద టేప్ అంటించుకోండి. గది మారకూడదు, పరుపులూ కర్టెన్లూ ఉన్న పడగ్గది అయితే నయం, ఖాళీ హాల్లో ప్రతి సాక్సూ గొప్పగానే ఉంటుంది. ఫోన్‌తో చేస్తే దానంతట అది వాల్యూమ్ సర్దే ఆప్షన్, నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆపేయండి, లేకపోతే మీరు పోలుస్తున్నది ఫోన్ తెలివితేటల్ని. మిగిలిన చిన్న తేడాలకి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఉంది, అన్ని ఫైళ్ళకీ ఒకే అంకె ఇచ్చేయండి.

ఏం వాయించాలి? మీకు బాగా వచ్చిన ఫాస్ట్ ముక్క వాయిస్తే వేళ్ళ పరీక్షే అవుతుంది. లో బి ఫ్లాట్ నుంచి పైదాకా లాంగ్ నోట్స్ మెల్లగా. ఆక్టేవ్ కీ (స్వరాన్ని పై స్థాయికి లేపేది) నొక్కి మిడిల్ డి, టెనర్లో అది చాలాసార్లు మూసుకున్నట్టు పలుకుతుంది, దాని పక్కనే వేళ్ళన్నీ ఎత్తేసి వాయించే సి షార్ప్ పలచగా ఉంటుంది, ఈ రెండిటి మధ్య గుణం ఎంత తక్కువ మారితే ఆ సాక్స్, మౌత్‌పీస్ జోడీ అంత మంచిది. తర్వాత పామ్ కీలతో (అరచేతితో నొక్కేవి) వచ్చే పై స్వరాలు, సన్నబడి కీచుమంటున్నాయా లేదా. తర్వాత నెమ్మదైన పాట ఒకటి, మీకు నోటికొచ్చింది. కర్ణాటక సంగీతం వాయించేవాళ్ళు తంబురా యాప్‌ని ఆరున్నర శ్రుతికి, అంటే బి ఫ్లాట్‌కి పెట్టి, టెనర్ సి ని (బయటికి వినిపించేది బి ఫ్లాటే) షడ్జమంగా తీసుకుని కాసేపు ఆలాపన చేయండి. శ్రుతి మీద నిలబడలేని మౌత్‌పీస్ తంబురా ముందు వెంటనే బయటపడుతుంది, గమకం వేసేటప్పుడు స్వరం దవడతో పాటు వంగుతోందా లేక రాయిలా ఉందా అన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. జాజ్ కోసం చేసిన పెద్ద ఓపెనింగులు గమకానికి బాగానే వంగుతాయి, కాకపోతే శ్రుతి నిలపడానికి కష్టపడాలి.

క్రమం కూడా చూసుకోండి. ఎప్పుడూ మొదటిది ముందు, రెండోది తర్వాత అయితే రెండోదాని దగ్గరికొచ్చేసరికి పెదవులు అలిసిపోతాయి, రీడ్ నానిపోతుంది. మొదటిది, రెండోది, రెండోది, మొదటిది అని వాయించండి. ఫైళ్ళకి పేర్లు మీరు పెట్టకుండా ఇంట్లో ఎవరినైనా అంకెలు పెట్టి కలిపేయమనండి, రెండ్రోజులాగి వినండి. ఏది ఏదో పోల్చుకోలేకపోతే, అదీ ఫలితమే, చవకది కొనుక్కుని మిగిలిన డబ్బు రీడ్లకి పెట్టుకోవచ్చు.

మెటీరియల్ గురించి ఒక మాట. మెటల్ మౌత్‌పీస్ అంటే పదును, రబ్బర్ అంటే మెత్తన అని ఇంకా చెప్తూనే ఉంటారు, మెటల్ ఓటో లింక్ ఒక్కటి విన్నా ఆ మాట నిలబడదు. తేడా వచ్చేది లోపలి ఆకారం వల్ల. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త వెండి, రాగి, చెక్కతో ఒకే కొలతల ఫ్లూట్లు చేసి చాటుగా వాయించి వినిపిస్తే విన్నవాళ్ళు ఏది ఏదో చెప్పలేకపోయారు. అది ఫ్లూట్ సంగతే, సాక్స్‌కి అచ్చంగా అదే అనను గానీ, యానగిసావాలో ఇత్తడి టీ-డబ్ల్యూవో1కీ కంచు టీ-డబ్ల్యూవో2కీ మధ్య ధర తేడా చెల్లించే ముందు కళ్ళు మూసుకుని రెండూ విడిగా గుర్తుపట్టగలరేమో చూసుకోండి.

ఇంత చేశాక కూడా మొదటి రోజు తీర్పు ఖాయం చేసుకోకండి. కొత్త మౌత్‌పీస్ మొదటి పది నిమిషాలు వేరే సౌండిస్తుంది, తర్వాత మీ నోరు మెల్లగా దాన్ని మీ పాత సౌండు వైపే లాక్కొస్తుంది. వారం పది రోజుల తర్వాత కూడా మిగిలిన తేడాయే అసలు తేడా. ఆ లోపల ఒకసారైనా కీబోర్డు, డ్రమ్స్ ఉన్న చోట వాయించి చూడాలి, గదిలో అద్భుతంగా ఉన్న మెత్తటి సౌండ్ బ్యాండ్‌లో కలిసేసరికి మాయమవుతుంది, గదిలో చెవులు కోసిన పదును అక్కడ సరిగ్గా సరిపోతుంది. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే వాపసు గడువు ఎన్ని రోజులో ముందే అడిగి పెట్టుకోండి, పెట్టె తెరవగానే పై పళ్ళు ఆనే చోట మౌత్‌పీస్ ప్యాచ్ (గాట్లు పడకుండా అంటించే చిన్న స్టిక్కర్) అంటించాకే నోట్లో పెట్టండి, పళ్ళ గాట్లు పడ్డ మౌత్‌పీస్‌ని చాలామంది వెనక్కి తీసుకోరు. కడగాలంటే గోరువెచ్చటి నీళ్ళే, మరీ వేడి నీళ్ళు పోస్తే నల్ల రబ్బర్ ఆకుపచ్చగా తిరిగి గంధకం వాసనేస్తుంది, దాన్ని ఇక వాళ్ళూ తీసుకోరు, మీరూ నోట్లో పెట్టుకోలేరు.