‘ఎస్‌ఎన్‌ఎల్‌ఆర్’ అని ఆర్మీ నుంచి పంపించేశారా? అర్జీ రాసేముందు ఈ కాగితాలు చూడండి

ఆర్మీ నుంచి సర్వీసు మధ్యలో ఇంటికి పంపించేసినవాళ్లు సలహాకి వచ్చేటప్పుడు చేతిలో లావుపాటి అర్జీ ఉంటుంది. రాష్ట్రపతికి ఒక కాపీ, రక్షణ మంత్రికి ఒకటి, ఎంపీ గారికి ఒకటి. అమ్మ ఆపరేషన్, చెల్లెలి పెళ్లి, దొరకని రైలు రిజర్వేషన్, అన్నీ అందులో ఉంటాయి. ఏ రూల్ కింద పంపించారన్నది మాత్రం ఉండదు. అడిగితే "ఎస్‌ఎన్‌ఎల్‌ఆర్ సార్" అంటారు. సర్వీసెస్ నో లాంగర్ రిక్వైర్డ్, అంటే ఇక నీ సేవలు అక్కర్లేదని. ఎందుకు, ఎవరు, ఏ అధికారంతో అన్నది అందులో తెలియదు. కేసు నడిచేది ఆ మూడింటి మీదే.

అమెరికాలో అయితే డిశ్చార్జ్‌ను పై రకానికి మార్చమని అడగడానికి డిశ్చార్జ్ రివ్యూ బోర్డు అని విడిగా ఉంటుంది. 15 ఏళ్లలోపు అడగొచ్చు. యూట్యూబ్‌లో అది చూసి "మనకూ ఫారం ఉంటుందట కదా" అని అడిగేవాళ్లున్నారు. మనకు లేదు. మన దగ్గర ఉన్నది పై అధికారికి పిటిషన్, ఆ తర్వాత సైనికుల సర్వీసు కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. అక్కడ డిశ్చార్జ్ ఆర్డరు కొట్టేయించుకోవాలి, లేదా డిస్మిసల్‌ను డిశ్చార్జ్‌గా మార్పించుకోవాలి.

ముందు ఆ ఒక్క కాగితం

ఆర్మీ యాక్ట్ 1950, సెక్షన్ 23 ప్రకారం పంపించేటప్పుడు కమాండింగ్ ఆఫీసర్ ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. మీ మాతృభాషలోనూ ఇంగ్లిష్‌లోనూ. అందులో మూడే విషయాలు: సర్వీసు ఎవరి అధికారంతో ముగించారు, కారణం ఏమిటి, మొత్తం సర్వీసు ఎంత. తెలుగు కాపీ ఇవ్వలేదని ఇప్పుడు పేచీ పెట్టుకోకండి, దానితో కేసు గెలవరు. ఇంగ్లిష్ కాపీలో కారణం దగ్గర ఏముందో చదవండి.

సెక్షన్ 20, రూల్ 17 అని ఉంటే అది డిస్మిసల్ లేదా రిమూవల్. ఆర్మీ రూల్స్ 1954లోని రూల్ 13(3), పట్టికలో మూడో భాగం, ఐదో అంశం అని ఉంటే అది డిశ్చార్జ్. ఎస్‌ఎన్‌ఎల్‌ఆర్ అంటున్నవాటిలో ఎక్కువ భాగం ఇదే. కోర్టు మార్షల్ శిక్షగా డిస్మిస్ అయితే దారి వేరు. ఈ తేడా పేరులో ఉన్న తేడా కాదు. డిస్మిస్ అయినవాడికి వెనకటి సర్వీసు మొత్తానికీ పెన్షన్ గానీ గ్రాట్యుటీ గానీ హక్కుగా రాదు. అసాధారణ పరిస్థితుల్లో ప్రభుత్వం దయతలిస్తే తప్ప. డిశ్చార్జ్ అయినవాడికి 15 ఏళ్ల క్వాలిఫయింగ్ సర్వీసు, అంటే పెన్షన్‌కు లెక్కకొచ్చే సర్వీసు, ఉంటే పెన్షన్ వస్తుంది.

డిశ్చార్జ్ అయినవాడు "నన్ను డిస్మిస్ చేశారు" అని అర్జీ పెడితే ఏమవుతుంది? "మిమ్మల్ని డిస్మిస్ చేయలేదు" అని రెండు లైన్ల జవాబు వస్తుంది. ఈలోపు నెలలు పోతాయి.

"సైనిక సంక్షేమ ఆఫీసులో ఎక్స్-సర్వీస్‌మన్ కార్డు ఇవ్వట్లేదు"

అక్కడి గుమాస్తాతో గొడవపడి లాభం లేదు. ఎక్స్-సర్వీస్‌మన్ అంటే ఎవరన్నది కేంద్ర ప్రభుత్వ నిర్వచనం. పెన్షన్ సంపాదించుకుని బయటికొచ్చినవాళ్లు అందులోకి వస్తారు. పెన్షన్ లేకుండా గ్రాట్యుటీతో వచ్చినవాళ్లలో దుష్ప్రవర్తన, అసమర్థత కారణంగా పంపించినవాళ్లను మినహాయించారు. ఉద్యోగాల్లో కోటా దగ్గర ఆగిపోయేదీ ఇందుకే. డిశ్చార్జ్ ఆర్డరు మారితే కార్డుకున్న ఈ అడ్డంకి తొలగుతుంది.

"నాలుగు రెడ్ ఇంక్‌లు పడ్డాయి, ఇంక చేసేదేం లేదన్నారు"

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడ. కాస్త తెలిసినవాళ్లు కూడా దెబ్బతినేది ఇక్కడే. కాబట్టి ఇది నిదానంగా చదవండి.

రెడ్ ఇంక్ ఎంట్రీ అంటే శిక్ష పడ్డప్పుడు కాండక్ట్ షీట్‌లో ఎర్ర సిరాతో రాసే నమోదు. అలాంటివి నాలుగు పడితే పంపించి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. 1988 డిసెంబర్ 28న ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన విధానపత్రం ఒకటి ఉంది. నాలుగు ఎంట్రీలతో డిశ్చార్జ్ చేయడం తప్పనిసరి కాదని అందులోనే రాసి ఉంది. ఒక్కో ఎంట్రీ ఏ నేరానికి పడిందో చూడాలి, పెన్షన్‌కు దగ్గరపడ్డవాళ్ల విషయంలో కఠినంగా ఉండకూడదు, ఎన్నేళ్లు పనిచేశాడు, ఎలాంటి కష్టమైన చోట్ల పనిచేశాడు అన్నది లెక్కలోకి తీసుకోవాలి, పై కమాండర్ ఆమోదం ఉండాలి అని కూడా ఉంది. అన్నిటికంటే ముందు నిష్పక్షపాతంగా ప్రాథమిక విచారణ జరగాలి. 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు ఈ పత్రాన్నే పట్టుకుంది. విచారణ లేకుండా, ఎంట్రీలు లెక్కపెట్టి పంపించేయడం చెల్లదంది. పెన్షన్‌కు కావలసిన సర్వీసు నిండేవరకు అతను ఉద్యోగంలో ఉన్నట్టే లెక్కించమంది. మధ్య కాలానికి జీతం మాత్రం ఇవ్వలేదు.

ఇంతవరకు అందరికీ తెలుసు. వాట్సాప్‌లో ఆ తీర్పు కాపీ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి "నాకూ విచారణ జరగలేదు" అని ఒక్క ముక్కతో కేసు వేస్తారు. ప్రభుత్వం కౌంటర్ వేస్తుంది. కౌంటర్‌తో పాటు ఒక పేజీ జతచేస్తుంది. కేసు అక్కడ కూలిపోతుంది.

ఆ పేజీ ఏమిటంటే, షోకాజ్ నోటీసుకు మీరు ఇచ్చిన జవాబు.

2019లో సత్గుర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అదే 1988 పత్రాన్ని మళ్లీ చదివింది. అది అడిగేది కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కాదు, పెద్ద తతంగం కాదు అంది. సిపాయి వివరణ ఇస్తే, దాన్ని పరిశీలించి ఆర్డరు ఇస్తే, ప్రాథమిక విచారణ జరిగినట్టే అంది. ఆ కేసులో సిపాయి జవాబులో కుటుంబ పరిస్థితులు అని పైపైన రాయడం తప్ప వేరే వివరణ లేదు. డిశ్చార్జ్ నిలబడింది. అంటే ఇప్పుడు మీ జవాబే మీ విచారణ. దూబే తీర్పు చేతిలో పట్టుకుని, తన జవాబులో ఏముందో తెలియకుండా ట్రిబ్యునల్ కోసం చెన్నై రైలెక్కేవాళ్లను చూస్తే నాకు విసుగొస్తుంది.

ఆ జవాబులో ఏముందో నిజంగానే చాలామందికి గుర్తుండదు. గుర్తుండే పరిస్థితిలో రాసింది కాదు మరి. కాగితం తెప్పించి చూస్తే తరచూ ఇలా ఉంటుంది: ఇంగ్లిష్‌లో టైపు చేసిన అయిదారు లైన్లు, "ఇంటి సమస్యల వల్ల తప్పు చేశాను, డిశ్చార్జ్‌కు అభ్యంతరం లేదు" అని అర్థం వచ్చేలా. కింద తెలుగులో సంతకం. పైన తేదీ చూస్తే నోటీసు ఇచ్చిన రోజే. యూనిట్‌లో "సంతకం పెట్టు, తొందరగా ఇంటికి పోతావు" అన్నారు, పెట్టేశాడు.

పరిష్కారం ఆ కాగితంతో మొదలవుతుంది. సమాచార హక్కు చట్టం కింద మీ రికార్డ్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. "నా ఫైలు మొత్తం ఇవ్వండి" అని రాయకండి. కాగితాలు పేరుపేరునా అడగండి: షీట్ రోల్ (మీ సర్వీసు వివరాల పత్రం), కాండక్ట్ షీట్, షోకాజ్ నోటీసు, దానికి నా జవాబు, ప్రాథమిక విచారణ నివేదిక, కమాండింగ్ ఆఫీసర్ సిఫారసు, పై కమాండర్ మంజూరు ఆర్డరు. విచారణ నివేదిక "రికార్డులో లేదు" అని రాతపూర్వకంగా జవాబు వస్తే ఆ ఉత్తరం జాగ్రత్త, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి.

జవాబు చేతికొచ్చాక మూడు రకాల్లో ఒకటి అవుతుంది.

అందులో గట్టి వివరణ ఉండి, ఉదాహరణకు ఆసుపత్రి చీటీలు, సెలవు పొడిగించమని ఇచ్చిన టెలిగ్రాం జతచేసి ఉండి, ఆర్డరులో వాటి ఊసే లేకపోతే మీ కేసు బలమైనది. వివరణ ఇచ్చినా పరిశీలించలేదన్నది రెండు కాగితాలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

నోటీసు, జవాబు, సిఫారసు అన్నీ ఒకటి రెండు రోజుల్లో ముగిసిపోతే ఆ తేదీలనే ఒక పట్టికగా వేసి పిటిషన్ మొదట్లో పెట్టండి. జవాబు చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వలేదన్న మాట అప్పుడు మీరు చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ రాదన్నది కూడా రాయండి, కానీ దానిమీదే కేసు నిలబెట్టకండి.

జవాబు పేలవంగా ఉంటే, "విచారణ జరగలేదు" అన్న వాదనను ముందుకు తేకండి. పత్రంలోని మిగతా షరతుల మీద పోరాడండి. కాండక్ట్ షీట్ తీసుకుని ఒక్కో ఎంట్రీ ఎదురుగా నేరం, శిక్ష, తేదీ రాయండి. నాలుగూ సెలవు మీద రెండు మూడు రోజులు ఆలస్యంగా వచ్చినందుకే అయితే అది ఒక కథ, తాగి పై అధికారి మీద చెయ్యి చేసుకున్నందుకైతే ఇంకో కథ. రెండోదాన్ని దాచకండి, అవతలివాళ్ల దగ్గర అదే షీటు ఉంది. తర్వాత మీ పోస్టింగులు నమోదయ్యే పార్ట్ టూ ఆర్డర్ల నుంచి వాటిని తీసి ఫీల్డ్ ఏరియా, హై ఆల్టిట్యూడ్ కాలాన్ని వేరేగా చూపించండి. పెన్షన్‌కు ఎన్ని నెలల దూరంలో పంపించారో రాయండి. ఆఖరికి మంజూరు ఆర్డరు మీద సంతకం ఎవరిదో చూడండి. కమాండింగ్ ఆఫీసర్ దగ్గరే ఆగిపోయి, పై కమాండర్ ఆమోదం కనిపించకపోతే వేరే బలం అక్కర్లేదు.

చెల్లెలి పెళ్లి గురించి రాయొద్దని కాదు. రాస్తే శుభలేఖ జతచేయండి.

"15 ఏళ్లు నిండాయి, అయినా పెన్షన్ లేదంటున్నారు"

క్యాలెండరు ప్రకారం నిండాయి. పర్మిషన్ లేకుండా గైర్హాజరైన రోజులు, మిలటరీ జైల్లో గడిపిన రోజులు క్వాలిఫయింగ్ సర్వీసులో కలవవు. అవి తీసేస్తే చాలామంది 15కు కొన్ని నెలలు తగ్గుతారు. తక్కువైన కాలం ఏడాదిలోపు ఉంటే మాఫీ చేసే అధికారం నిబంధనల్లో ఉంది, కానీ అడగాలి. డిస్మిస్ అయినవాళ్లకు ఈ దారి లేదు. అడిగేముందు మీ గైర్హాజరీ లెక్క మీరే వేసుకోండి, రికార్డ్ ఆఫీసు లెక్కతో కలవకపోతే ఆ తేడా ఎక్కడుందో చూపించండి.

"ట్రిబ్యునల్‌లో ఆలస్యమైందని కొట్టేశారు"

ముందు పిటిషన్ పెట్టాలి. దానికి ఆర్డరు వస్తే ఆ రోజు నుంచి ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆరు నెలలైనా జవాబు రాకపోతే, ఆ తర్వాతి ఆరు నెలల్లో వెళ్లాలి. చాలామంది జవాబు కోసం ఏళ్లు ఎదురుచూస్తారు, లేదా మళ్లీ మళ్లీ అర్జీలు పెడతారు. పదేళ్ల తర్వాత పెట్టిన అర్జీకి "కుదరదు" అని జవాబొస్తే గడువు మళ్లీ మొదలవదు. ఆలస్యాన్ని మన్నించమని వేరే దరఖాస్తు పెట్టి, ప్రతి విరామానికీ కారణం, కాగితం చూపించాలి. పెన్షన్ ప్రతి నెలా రావాల్సింది కాబట్టి ఆలస్యం అడ్డురాదని కొందరు చెబుతారు. పెన్షన్‌కు ఇప్పటికే హక్కున్నవాడికి ఆ మాట కొంత వర్తిస్తుంది, బకాయిలు మాత్రం సాధారణంగా మూడేళ్లకే ఇస్తారు. డిశ్చార్జ్ ఆర్డరునే కొట్టేయమని అడిగేవాడికి ఆ మాట పనికిరాదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. పెన్షన్ లేనివాళ్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేస్తారు. ఆ పాతికేళ్లు దగ్గరపడుతున్నవాళ్లు ఇది చదువుతుంటే, సమాచార హక్కు దరఖాస్తు ఈ వారమే పెట్టండి.

ఆంధ్ర, తెలంగాణలవాళ్లకు చెన్నై బెంచి. చివరి యూనిట్ పఠాన్‌కోట్‌లో ఉందని చండీగఢ్ వెళ్లక్కర్లేదు. సర్వీసు ముగిసినవాడు తాను నివసించే చోటి బెంచిలో వేసుకోవచ్చు.

మిగతావి

కోర్టు మార్షల్‌లో డిస్మిస్ అయితే ఆర్మీ యాక్ట్ సెక్షన్ 164 కింద పిటిషన్, ఆ పైన ట్రిబ్యునల్‌లో అప్పీలు. కమాండింగ్ ఆఫీసరే నడిపే సమ్మరీ కోర్టు మార్షల్ అయితే ప్రొసీడింగ్స్ కాపీ తెప్పించి, "గిల్టీ" అని రాసినచోట మీ సంతకం ఉందో లేదో చూడండి. శిక్షను తగ్గించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది.

తిరిగి వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు డిజర్టర్ కింద వస్తారు. మామూలు ప్రాంతం నుంచైతే మూడేళ్లకు, యాక్టివ్ సర్వీస్ నుంచైతే పదేళ్లకు డిస్మిస్ చేస్తారు. డిస్మిసల్ ఆర్డరు అసలు వచ్చిందో లేదో తెలుసుకోకుండా ఏ అర్జీ పెట్టకండి.

గైర్హాజరైన కాలంలో మిలటరీ ఆసుపత్రిలో మానసిక వైద్యం జరిగి ఉంటే, ఆ కాగితాలతో ముందు లాయర్ దగ్గరికి వెళ్లండి. అది మెడికల్ బోర్డు దారిలో వెళ్లాల్సిన కేసు కావచ్చు.

ఎయిర్‌ఫోర్స్, నేవీవాళ్లకు చట్టం, రూల్ నంబర్లు వేరు, ట్రిబ్యునల్, గడువు ఇవే. పేరులో అక్షరం తప్పు, పుట్టిన తేదీ తప్పు లాంటివి డిశ్చార్జ్‌ను మార్చవు. వాటిని ఈ పిటిషన్‌లో కలపకండి.