ఈవెంట్స్ సాధనలో తోడు: ఇద్దరూ ఒకరినొకరు ఎలా నిలబెట్టుకోవాలి

పోలీసు నియామకాల ప్రకటన రాబోతున్నదన్న మాట వినపడగానే ఈవెంట్స్‌కు, అంటే పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ వంటి శారీరక పరీక్షలకు సాధన చేసేవారితో నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల మైదానాలు తెల్లవారకముందే నిండిపోతాయి, వారాలు గడిచేకొద్దీ పలచబడతాయి. చివరిదాకా నిలిచేవారిలో చాలామందికి ఒక తోడు ఉంటుంది. అయితే తోడు దొరికినంత మాత్రాన సరిపోదు, ఆ తోడును వాడుకునే పద్ధతి తెలియాలి.

మనకన్నా కొంచెం మెరుగ్గా పరుగెత్తేవారిని జతగా ఎంచుకోవడం మంచిది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒటో కోలర్ 1920లలో బెర్లిన్‌లోని పడవ పందేల క్లబ్బు సభ్యులతో ఒంటరిగానూ, జతలుగానూ బరువులు ఎత్తించి చూసినప్పుడు, తాను ఆగిపోతే ఇద్దరి పనీ ఆగిపోతుందని తెలిసిన బలహీనుడు ఒంటరిగా చేసినప్పటికన్నా ఎక్కువసేపు పట్టు విడవలేదు. ఇద్దరి శక్తిలో తేడా ఓ మోస్తరుగా ఉన్నప్పుడే ఈ ఫలితం బాగా కనిపించింది. తేడా మరీ ఎక్కువైతే వెనుకబడినవాడు ఆశ వదులుకుంటాడు, ముందున్నవాడికి విసుగు పుడుతుంది. కాబట్టి స్నేహం ఎంత గాఢమైనదైనా వేగాలు పొసగకపోతే, వార్మప్ కలిసి చేసి పరుగు వేర్వేరు జతలతో తీయడమే ఉభయులకూ మేలు.

మొదటిరోజే సమయం, చోటు, వారంలో విశ్రాంతి రోజు ఖాయం చేసుకోవాలి. రాలేని రోజున ఆ సంగతి ముందురాత్రే చెప్పాలి. ఒకరు రాకపోయినా రెండోవారు తప్పనిసరిగా మైదానానికి వెళ్ళాలన్న షరతు మాత్రం గట్టిగా పెట్టుకోవాలి, ఎందుకంటే తోడు రాలేదన్న సాకుతో ఇద్దరి సాధనా ఒకేసారి మూలపడిన సందర్భాలే ఎక్కువ. ఆడపిల్లల విషయంలో ఈ జతకు మరో విలువ కూడా ఉన్నది: చీకటి వేళ ఒంటరిగా పంపడానికి జంకే తల్లిదండ్రులు, పక్కింటి అక్కతోనో తోటి విద్యార్థినితోనో కలిసి వెళ్తానంటే సులభంగా ఒప్పుకుంటారు.

తోడు అసలు అక్కరకు వచ్చేది పరుగులోనే. 2022 నాటి తెలంగాణ కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని నిబంధన ఉండేది. 400 మీటర్ల ట్రాక్ మీద లెక్కేస్తే పురుషులకు ఒక్కో రౌండుకు దాదాపు 1 నిమిషం 49 సెకన్లు, మహిళలకు 2 నిమిషాల 40 సెకన్లు వస్తాయి. మొదటి రౌండు ఉత్సాహంలో మరీ వేగంగా తీసి, మూడో రౌండుకు ఊపిరి అందక చతికిలబడటం ఎక్కువమంది చేసే తప్పు. దీన్ని సరిదిద్దాలంటే ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకొని గీత దగ్గర నిలబడి, ప్రతి రౌండుకూ పట్టిన సమయాన్ని మాత్రమే స్పష్టంగా చెప్పాలి. మరికొన్ని రోజులు వేగం గలవారు గడియారం చూసుకుంటూ రెండడుగులు ముందు సమవేగంతో పరుగెత్తితే, వెనుకనున్నవారు వారి భుజాల మీద చూపు నిలిపి అనుసరించవచ్చు. తేలికపాటి పరుగు తీసే రోజున మాత్రం నెమ్మదైనవారినే ముందు నడవనివ్వాలి, ఆ రోజు ఇద్దరూ మాట్లాడుకోగలిగినంత వేగం చాలు.

అలసినవారికి గట్టి అరుపులకన్నా నిజమైన మాట ఎక్కువ బలమిస్తుంది. "తమ్మీ, పోయినసారికన్నా నాలుగు సెకన్లు తగ్గినయ్" అన్న మాట నమ్మదగినది. పట్టిన సమయాన్ని తగ్గించి చెప్పడం ప్రేమ కాదు, దాని ఫలితం పరీక్షరోజున తెలుస్తుంది. తప్పు చెప్పాల్సి వస్తే పదిమందిలో కాకుండా, ఇంటికి నడిచి వెళ్ళే దారిలో, ఒక్కసారికి ఒక్కటే చెప్పాలి.

లాంగ్‌జంప్‌లో పాదం గీత దాటుతున్నదో లేదో దూకేవారికి తెలియదు గనుక రెండోవారు పక్కన కూర్చుని చూడాలి, వీలైతే ఫోన్‌లో నెమ్మది వీడియో తీయాలి. షాట్‌పుట్ విసిరేటప్పుడు ఎదుట నిలబడకూడదు, గుండును తిరిగి విసరకుండా చేతితో తెచ్చివ్వాలి.

వేసవిలో మన జిల్లాల్లో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండ పొడవకముందే సాధన ముగించాలి. జతగాడు తూలుతున్నా, మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతనలేని జవాబు చెప్తున్నా అది వడదెబ్బ కావచ్చు. తన స్థితి తనకు తెలియదు కాబట్టి "ఏం కాలేదు" అన్నా వినకూడదు. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివారికి నీళ్ళు తాగించకూడదు.

జ్వరమో మోకాలి నొప్పో వచ్చి ఒకరు ఆగిపోతే, రెండోవారు తమ సాధన మానకుండానే రోజుకొకసారి పలకరిస్తూ ఉండాలి. కోలుకొని వచ్చినవారిని వెంటనే పాత వేగానికి లాగకూడదు. మొదటివారం సగం దూరంతో మొదలుపెట్టి, మరుసటి రోజు నొప్పి లేదని అడిగి తెలుసుకున్నాకే ఒక్కో రౌండు పెంచాలి. ఆ వారంపాటు గట్టిగా ఉన్నవారు తమ వేగపు పరుగును ముందే ముగించుకొని, ఆ తర్వాత జతగాడి వెంట నెమ్మదిగా తిరగాలి.