చదివే పిల్లకి ఏ తెర? – నాలుగో పాఠం: పీడీఎఫ్‌లో తెలుగు వస్తే చాలదు

పోయిన పాఠంలో ఒక్క పనే ఇచ్చాను. మీ పిల్ల ఈ ఏడాది చదవబోయే పుస్తకాల్లో మూడింటి ఫైళ్లు ఫోన్‌లో పెట్టుకుని, కొనబోయే ఈ-రీడర్‌లోనో (పుస్తకాలు చదవడానికే చేసిన యంత్రం) ట్యాబ్‌లోనో తెరిచి చూడండి అన్నాను. దుకాణంలో కుదరకపోతే తెలిసినవాళ్ల యంత్రం ఒక గంట అడిగి తీసుకోండి అని కూడా చెప్పాను. చాలామంది చేశారు, చేసి ఇరుక్కున్నారు. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ ముందేసుకుని చూస్తే అవి మూడే రకాలు.

ఒకరకం: “దుకాణంలో చూసినప్పుడు తెలుగు చక్కగా కనిపించింది మాస్టారూ. ఇంటికి తెచ్చి కథల ఫైలు వేస్తే ఒత్తులన్నీ ఊడిపోయాయి.” రెండోరకం: “తెలుగు బాగానే ఉంది గానీ చీమ తలకాయంత ఉంది. పాప రెండు పేజీలు చదివి పక్కన పెట్టేసింది.” మూడోరకం: “పీడీఎఫ్‌ని ఈపబ్‌గా, అంటే ఇంకోరకం పుస్తకం ఫైలుగా, మార్చుకోమన్నారు కదా, మారిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త వచ్చింది.”

మూడింటికీ మూలం ఒకటే కాబట్టి ఈసారి చెప్పాలనుకున్న కవరు, ఛార్జరు, వారంటీ సంగతులు వాయిదా వేస్తున్నాను. ఇది తేలకుండా అవి చెప్పినా ఉపయోగం లేదు.

పీడీఎఫ్ అంటే అచ్చయిపోయిన పేజీ. ఏ అక్షరం ఎక్కడ ఉండాలో, ఏ రూపంలో ఉండాలో అందులోనే ఖాయమై ఉంటుంది. అక్షరాల రూపాలను ఫైలే మోసుకొస్తుంది. స్కాన్ చేసిన పుస్తకమైతే అది పూర్తిగా బొమ్మే. యంత్రం చేసేదల్లా ఆ పేజీని తెరమీద పరచడం. దానికి తెలుగు తెలియక్కర్లేదు. అందుకే దుకాణంలో అబ్బాయి పీడీఎఫ్ తెరిచి “చూడండి సార్, తెలుగు వస్తోంది” అంటే, ఆ మాట అబద్ధం కాకపోయినా దాంతో మీకు తెలిసేది ఏమీ లేదు. ఆ పీడీఎఫ్‌లో తెలుగు బదులు జపనీస్ ఉన్నా అలాగే కనిపిస్తుంది.

ఈపబ్ సంగతి వేరు. అందులో సాధారణంగా అక్షరాల రూపాలు ఉండవు, అక్షరాల సంకేతాలు ఉంటాయి. ఉదాహరణకి ‘స్త్రీ’ చూడండి. మనకిది ఒక్క అక్షరం. ఫైలులో మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఈ ఆరింటినీ చదివి, త, ర రెండూ ఒత్తులు కావాలని, గుడి స మీదికి ఎక్కాలని నిర్ణయించి, కలిపి ఒకే అక్షరంగా గీయాల్సింది యంత్రమే. అది చేతకాని యంత్రంలో ‘స్త్రీ’ అనే చోట స, త, ర విడివిడిగా నిలబడి మధ్యలో పొల్లు గుర్తులు కనిపిస్తాయి. ఇంగ్లీషుకి ఈ బాధ లేదు. ఆ అక్షరాలు పక్కపక్కన పేర్చితే చాలు. అందుకే ఇంగ్లీషు పుస్తకాలకు అద్భుతంగా పనిచేసే యంత్రం తెలుగు దగ్గర తడబడవచ్చు.

మరి దుకాణంలో ‘అమ్మ’, ‘ఆవు’ టైపు చేసి చూసి సరే అనుకుంటే? అదీ చాలదు. ‘ఆవు’లో ఒత్తే లేదు, ‘అమ్మ’లో ఉన్నది తేలికైన ఒత్తు. పరీక్షకు గట్టి మాటలు కావాలి. నేను వాడేవి ఇవి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, కృష్ణ, దుర్గ, వర్షం, శాస్త్రజ్ఞుడు, కైవల్యం, హృదయం. ఈ పది మాటలూ ఒక ఈపబ్‌లో ఉంటే వేరే పరీక్ష అక్కర్లేదు. ‘జ్యోత్స్న’ సరిగా వచ్చిన యంత్రంలో తక్కిన తెలుగు కూడా దాదాపు వచ్చినట్టే.

తప్పు వస్తే అది ఎలాంటి తప్పో చూడండి. మందు దాన్ని బట్టే. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే ఆ యంత్రంలో తెలుగు ఫాంటు, అంటే తెలుగు అక్షరాల రూపాలుండే ఫైలు, లేదని అర్థం. కేబుల్‌తో కంప్యూటరుకి కలిపి ఫాంట్ల ఫోల్డరులో ఒకటి వేసే వీలుంటే సరిపోవచ్చు. అక్షరాలు ఉండి, ఒత్తులు విడిపోతే ఆ యంత్రానికి కలపడం రావట్లేదు. ఎన్ని ఫాంట్లు వేసినా సాధారణంగా బాగుపడదు, కొనకండి. చుక్కల వలయం మీద గుడులు, కొమ్ములు వేలాడుతూ ఒకటి రెండు చోట్లే కనిపిస్తే తప్పు యంత్రానిది కాకపోవచ్చు, ఫైలు టైపు చేసినవాళ్లదై ఉండవచ్చు. అదే ఫైలు ఫోన్‌లో తెరవండి. అక్కడా అలాగే ఉంటే ఫైలు మార్చండి.

ఫాంటు మాట వచ్చింది కాబట్టి. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పి, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి గారి పేరుతో ఒక ఉచిత తెలుగు ఫాంటు ఉంది. మన ఊరి పేరు చెప్పుకునే పెద్దాయన కాబట్టి ముచ్చటపడి దాన్నే వేసుకునేవాళ్లుంటారు, వేసుకోండి. పేజీలకు పేజీలు చదివే పాఠానికి మాత్రం నేను నోటో సెరిఫ్ తెలుగు వాడతాను. చిన్న సైజులో కూడా దాని ఒత్తులు కింది వరుస అక్షరానికి అంటుకోవు.

ఇక మూడోరకం వాళ్ల చెత్త. తెలుగు డీటీపీలో, అంటే కంప్యూటరు మీద అచ్చు పేజీలు కూర్చే పనిలో, చాలా ఏళ్లు ‘అను’ అనే రకం ఫాంట్లదే రాజ్యం. ఆ పద్ధతిలో కంప్యూటరు దాచుకునేది తెలుగు సంకేతాలను కాదు, ఇంగ్లీషు, ఇతర గుర్తుల సంకేతాలను. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. పీడీఎఫ్‌లో ఆ ఫాంటు ఉంటుంది కాబట్టి చూడటానికి తెలుగే. ఈపబ్‌గా మార్చగానే రూపం పోయి సంకేతాలు బయటపడతాయి. చిట్కా చెబుతాను: పీడీఎఫ్‌లో ఒక వాక్యం ఎంచుకుని కాపీ చేసి ఫోన్‌లో ఎవరికైనా సందేశంగా అతికించండి. తెలుగే వస్తే మార్చుకోవచ్చు. చెత్త వస్తే మార్చడానికి కూర్చోకండి. అసలు ఎంచుకోవడమే కుదరకపోతే అది స్కాను. చెత్త వచ్చిన ఫైలునీ స్కానునీ పీడీఎఫ్‌గానే చదవాలి, దానికి తగ్గ తెర కావాలి.

తెర సైజు దగ్గర ఆగి లెక్క వేయండి, అందరూ ఇక్కడే అంచనా తప్పుతున్నారు. తెర అంగుళాలు మూల నుంచి ఎదురు మూలకు కొలిచినవి, 6 అంగుళాల ఈ-రీడర్ తెర వెడల్పు సుమారు 9 సెంటీమీటర్లు. ఏ4 కాగితం వెడల్పు 21. అంటే ఏ4 పేజీ అందులో 43 శాతానికి కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల (పాయింటు అంటే అక్షరం సైజు కొలత) అక్షరం 5 పాయింట్లవుతుంది. మందు సీసా మీది అక్షరాలు అంతే ఉంటాయి. 7 అంగుళాల రీడర్‌లో సగానికి, అంటే 6 పాయింట్లకు దిగుతుంది. మనం మామూలుగా చదివే డెమ్మీ సైజు కథల పుస్తకం వెడల్పు 14 సెంటీమీటర్లు. అది 7 అంగుళాల్లో 9 పాయింట్ల దాకా నిలుస్తుంది, పేజీ అంచుల తెల్లజాగా కత్తిరిస్తే ఇంకొంచెం పెరుగుతుంది. 10 అంగుళాల ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే డెమ్మీ పేజీ దాదాపు అసలు సైజులోనే ఉంటుంది. అడ్డంగా తిప్పితే ఏ4 పేజీ పూర్తి వెడల్పుతో, సగం సగంగా కనిపిస్తుంది.

ఇంగ్లీషుకి 7 పాయింట్లు ఎలాగోలా చదువుకోవచ్చు. మన లిపి పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఆ సైజులో ‘ష్ట్ర’ నల్ల మచ్చే.

కంప్యూటరు అలవాటున్నవాళ్లకి ఒక దారి ఉంది. కే2పీడీఎఫ్‌ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ స్కాన్ పేజీలను ముక్కలుగా కోసి చిన్న తెరకు తగ్గట్టు మళ్లీ పేరుస్తుంది. బొమ్మల్ని కోసి పేర్చడమే కాబట్టి అను ఫాంట్లయినా ఇబ్బంది లేదు. వరుసలు కోసేటప్పుడు కింది ఒత్తులు తెగిపోలేదో మాత్రం నాలుగైదు పేజీలు తిప్పి చూసుకోండి.

ఈపబ్ దొరికితే ఈ తంటాలేవీ లేవు. అక్షరం ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు, ఒడియా రెండింట్లోనూ పిల్లల కథలు ఉచితంగా దించుకోవచ్చు. కాస్త పెద్ద పిల్లలకి తెలుగు వికీసోర్స్‌లోని పాత పుస్తకాలు ఈపబ్‌గా వస్తాయి. అమెజాన్ వాళ్ల ఈ-రీడర్ కిండిల్ కొనాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 2016 చివర్లో కిండిల్ దుకాణంలో మన దేశ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు చేర్చినవి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ ఐదింటిలో తెలుగూ లేదు, ఒడియా లేదు. కాబట్టి మన పిల్లలకి కావలసిన కథలు చాలావరకు మనమే ఫైళ్లుగా వేసుకోవాల్సి వస్తుంది. దుకాణంలో లక్షల పుస్తకాలు ఉన్నాయన్న ప్రకటన చూసి నిర్ణయించుకోకండి.

ఒడియా అన్నాను కదా, ఇది మన సరిహద్దు ఇళ్లకే ప్రత్యేకమైన సంగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పైన ఇంగ్లీషు. చదివే పిల్ల మూడూ చదువుతుంది. తెలుగు పరీక్ష నెగ్గిన యంత్రం ఒడియాలో తప్పవచ్చు. ఒడియాలోనూ సంయుక్తాక్షరాలు కలిపి గీయాల్సిందే. మన పెద్దవాళ్లలో చాలామంది ఒడియా ధారాళంగా మాట్లాడతారు గానీ చదవలేరు. కాబట్టి ఒడియా పరీక్ష పిల్లకే అప్పగించండి. వాళ్ల బడి పుస్తకంలోని కష్టమైన మాటలు పది తననే రాసుకు రమ్మనండి. తెర మీద అవి ఎలా ఉన్నాయో తనే చెబుతుంది. రాయగడలో ఒక బామ్మగారు ఇలాగే చేశారు. మనవరాలు రెండో మాట దగ్గరే “ఇది ఇలా రాయరు” అంది. వాళ్లు ఆ ట్యాబ్ తీసుకోలేదు. అది చాలా పాత ఆండ్రాయిడ్ ఉన్న చవక రకం. ఈమధ్యవాటిలో తెలుగు, ఒడియా రెండూ మామూలుగా బాగానే ఉంటాయి. రీడ్‌ఎరా లాంటి ఉచిత యాప్ వేసుకుంటే ఈపబ్, పీడీఎఫ్ రెండూ చదువుకోవచ్చు.

ఇంతకీ ఏది కొనాలి అని అడిగేవాళ్లకి నా అభిప్రాయం చెబుతాను. ఎనిమిదేళ్లలోపు పిల్లకి, రంగు బొమ్మల కథలే ఎక్కువైతే, ట్యాబ్. ఒడియా మీడియం పెద్ద పిల్లకి, బడి పీడీఎఫ్‌లు తప్పనిసరైతే, 10 అంగుళాల ట్యాబ్. 7 అంగుళాల చవక ట్యాబ్ మాత్రం ఎవరికీ వద్దు. పీడీఎఫ్‌కి చిన్నదైపోతుంది, కథలకి కళ్లు మండుతాయి. కథలు ఒకటి తర్వాత ఒకటి మింగేసే పిల్ల ఉంటే, ఆ కథలు ఈపబ్‌గా దొరికితే, అప్పుడు 7 అంగుళాల ఈ-రీడర్‌ని మించింది లేదు. ఎండలో నౌపడ–గుణుపురం రైల్లో కిటికీ పక్కన కూర్చుని చదువుకోవచ్చు. ఛార్జింగు వారాల తరబడి వస్తుంది. పేజీ మారినప్పుడు తప్ప ఆ తెర కరెంటు దాదాపు తాగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కరెంటు లేని రోజులు గుర్తున్నవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పైగా అందులో ఆటలు, వీడియోలు రావు. చదివే పిల్లకి మధ్యలో ఎవరూ పిలవని పుస్తకం ఇవ్వాలన్నదే నా పట్టుదల.

సాధన

ఈసారి కాస్త ఎక్కువ పని. వచ్చే పాఠంలోపు పూర్తి చేయండి.

మొదట, పిల్ల చదివే డెమ్మీ సైజు పుస్తకం ఒకటి, బడి పాఠాల ఏ4 పేజీ ఒకటి తీసుకుని జిరాక్స్ షాపుకి వెళ్లండి. ఏ4 పేజీని 50 శాతానికి, డెమ్మీ పేజీని 75 శాతానికి తగ్గించి తీయమనండి. 7 అంగుళాల ఈ-రీడర్‌లో ఆ పీడీఎఫ్‌లు కనిపించేది సుమారు ఆ సైజులోనే. ఆ కాగితాలు పిల్లకిచ్చి, ఇంట్లో సాయంత్రం దీపం వెలుతురులో పావుగంట చదవమనండి. ఏమీ చెప్పకండి. కాగితాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంటోందా, వేలు పెట్టి చదువుతోందా, ఒత్తుల దగ్గర ఆగుతోందా చూసి రాసుకోండి.

తర్వాత పిల్ల ఈ ఏడాది చదవాలనుకుంటున్న పుస్తకాల జాబితా రాయించండి. ప్రతి పేరు పక్కన భాష, ఫైలు రకం, కాపీ-అతికింపు పరీక్షలో ఏం వచ్చిందో రాయండి. సగానికి పైగా ఈపబ్‌లైతే ఒక దారి, పీడీఎఫ్‌లైతే ఇంకో దారి.

పై పది తెలుగు మాటలు, పిల్ల రాసిన పది ఒడియా మాటలు కలిపి గూగుల్ డాక్స్‌లో టైపు చేసి, కంప్యూటరు నుంచి ఈపబ్‌గా దించుకోండి. ఆ ఒక్క ఫైలు ఫోన్‌లో ఎప్పుడూ ఉంచుకోండి. అయిదో పాఠంలో వైఫై, పాస్‌వర్డులు, పాత యంత్రం కొనేటప్పుడు చూడాల్సిన బ్యాటరీ సంగతి చెబుతాను. దానికి ఈ ఫైలూ, జిరాక్స్ కాగితాల మీద మీరు రాసుకున్నదీ రెండూ కావాలి.