పెదవుల మీద ‘పాట’, ‘బాట’, ‘మాట’ ఒకటే: తక్కువ వినపడేవారు కొలువులో నిలబడడం ఎలా

మిర్చిలో 334 అని ఒక రకం, 341 అని ఇంకొక రకం ఉన్నాయి. పన్నెండేళ్ల కిందట గుంటూరులో ఒక కమీషన్ కొట్టులో చేరిన మూడో వారం, ఒకదాని బదులు ఇంకొకటి చిట్టాలో రాశాను. 42 టిక్కీల (మిర్చి బస్తాల) లాటు. పెద్ద గుమాస్తా ఆ అంకె చెప్పినప్పుడు ముఖానికి కండువా చుట్టుకుని ఉన్నారు. ఘాటుకు యార్డులో అందరూ అలాగే కట్టుకుంటారు. పెదవులు కనపడలేదు. మళ్లీ అడగడానికి సిగ్గుపడి “ఆఁ, సరేనండీ” అన్నాను. సాయంత్రానికి ఉద్యోగం పోయింది. నాకు వినికిడి తక్కువని అక్కడ ఎవరికీ తెలియదు. మిషను జుట్టు కింద దాచుకుని వెళ్లేదాన్ని మరి.

ఇప్పుడు ఊరి శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తున్నాను. తొమ్మిదేళ్లు నిండాయి. నాలాంటివారి కోసం, ముఖ్యంగా తలూపి నెట్టుకొచ్చేవారి కోసం రాస్తున్నాను.

ముందు కాగితం పని. గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం పరీక్షకు, అంటే వైకల్య ధ్రువపత్రం కోసం చేసే వైద్య పరీక్షకు, స్లాట్ తీసుకోండి. చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. అవసరమైతే బెరా పరీక్ష కూడా చేస్తారు. తలకు తీగలు అంటించి నరాల స్పందన చూస్తారు, మీరు జవాబు చెప్పే పని ఉండదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లో 60 నుంచి 70 డెసిబుల్స్ లోపం ఉంటే వినికిడి తక్కువ, 70 డెసిబుల్స్, ఆపైన అయితే బధిరత్వం. నాది 65. ప్రభుత్వ కొలువుల్లో దివ్యాంగులకిచ్చే 4 శాతంలో 1 శాతం ఈ రెండు వర్గాలకూ కలిపి ఉంది. అది దక్కాలంటే ధ్రువపత్రంలో వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. ఈ శాతాన్నీ డెసిబుల్స్‌నీ కలిపేసుకుని కంగారు పడకండి, రెండూ వేరు లెక్కలు. ఆ పరీక్షలు రాస్తూనే ఉండండి. ఈలోగా ఇల్లు గడవాలి కదా, అందుకే ఇక మిగిలినదంతా ప్రైవేటు కొలువు గురించి.

ఇంటర్వ్యూలో కూర్చోగానే నేను చెప్పే మాట ఇది. అద్దం ముందు బట్టీ పట్టాను: “అండీ, నాకు వినికిడి తక్కువ. నా వైపు చూస్తూ మామూలుగా మాట్లాడితే అర్థమవుతుంది, గట్టిగా అరవనక్కర లేదు. అంకెలు మాత్రం కాగితం మీద రాసి చూపించండి.” మొదటి వాక్యంతో ఆపేస్తే ఎదుటివారికి బెరుకు. తరువాతి రెండు వాక్యాలు వారికి పని అప్పజెబుతాయి. అరవవద్దని ఊరికే అనడం లేదు. అరిస్తే మిషనులో మాట చిట్లుతుంది, పెదవులు వంకర్లు పోతాయి. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషి ముఖం నీడలో ఉంటుంది, అప్పుడు కుర్చీ జరుపుకోవచ్చా అని అడగండి. నేను అడిగితే మా యజమాని తనే లేచి తెర వేశారు. ఆ రోజు పొద్దున కొత్త బ్యాటరీ వేసుకుని వెళ్లడం మరవకండి. జింక్ బ్యాటరీలు స్టిక్కర్ తీయగానే గాలి పీల్చడం మొదలుపెడతాయి, ఒక నిమిషం ఆగి మిషనులో పెట్టాలి.

పెదవులనే నమ్ముకుంటే మునుగుతారు. అద్దంలో చూసుకుంటూ ‘పాట’, ‘బాట’, ‘మాట’ అని పలకండి, తేడా కనపడితే చెప్పండి. ఇక ఇరవై, అరవై మా వృత్తికి పట్టిన శని. మొదటి అక్షరం జారిందంటే 20 టిక్కీలు 60 అయి కూర్చుంటాయి. “మళ్లీ చెప్పండి” అంటే అదే మాట అదే తీరుగా వస్తుంది. విన్నంతవరకు మీరే అప్పజెప్పి, పోయిన ముక్కను మాత్రం మరో రూపంలో అడగండి: “తేజ రకం, రెండు పదులా, ఆరు పదులా?”

నా బల్ల మొదట కంప్రెసర్ల గది గోడకు ఆనుకుని ఉండేది. ఆ హోరులో మిషను ఉన్నా లేనట్టే. వారం చూసి, వీపు గోడకూ చూపు తలుపుకూ ఉండేలా మరో మూలకు మార్పించుకున్నాను. కాటా దగ్గర ఒక నోటు పుస్తకం తాడుతో కట్టాను. అంకె నోటితో చెప్పడం అలవాటైన హమాలీ మేస్త్రి ఒక సీజనంతా సణిగాడు. ఇప్పుడు రైతుతో పేచీ వస్తే ఆయనే “పుస్తకం తీయమ్మా” అంటాడు.

ఫోను నేను ఎత్తను. దానికి బదులు, ఎవరికీ ఇష్టం లేని అద్దె బకాయిల జాబితా నాది. ఇలా ఒకటి వదిలి ఒకటి పుచ్చుకోండి, తోటివారికి కడుపుమంట ఉండదు. గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగు మాటను ఫోను తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది. నలుగురు కూర్చున్న గదిలో పనికొస్తుంది, కాటా దగ్గర గోలలో తడబడుతుంది.

మే నెలలో చల్లటి గదిలోంచి బయటకు రాగానే మిషనుకు చెమ్మ పడుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రాత్రి బ్యాటరీ తీసి మిషనును అందులో ఉంచండి. రెండేళ్లు ఈ సంగతి తెలియక మరమ్మతులకు చేతి డబ్బు పోసుకున్నాను.

20 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ కూడా దివ్యాంగులకు ఏ సౌకర్యాలు ఇస్తుందో సమాన అవకాశాల విధానంలో రాసి ఉంచాలి. అడగండి. కొట్లలో ఈ మాట ఎత్తితే వింతగా చూస్తారు, అయినా అడగండి.

నేను చెప్పినవన్నీ అందరికీ సరిపోవు. మా గ్రేడింగ్‌లో తాలు కాయలు ఏరే కుర్రాడికి పుట్టుకతోనే వినపడదు. అతని భాష సైగలు. మొదట్లో నేను తెలుగులో పేజీలు రాసి ఇచ్చేదాన్ని, తెలివైన పని అనుకుంటూ. అతను మర్యాదగా తలూపేవాడు, అచ్చం ఒకప్పటి నాలాగే! అలాంటివారు ఇంటర్వ్యూకు సైగలు తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లడం మేలు, వస్తున్నట్టు ముందే మెసేజ్ పెట్టండి. తోటివారు నేర్చుకోవాలంటే, 2015లో ఢిల్లీలో నెలకొల్పిన భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం వీడియో నిఘంటువు ఉచితంగా దొరుకుతుంది. మా గోడౌన్ మాటలు నాకు ఆ కుర్రాడే నేర్పాడు. అతన్ని పిలవాలంటే వెనక నుంచి భుజం లాగకూడదు. ఎదురుగా వచ్చి చెయ్యి ఊపాలి, లేదా లైటు ఒకసారి ఆర్పి వెలిగించాలి. మేస్త్రి కూడా చెయ్యి ఊపడం నేర్చుకున్నాడు. కాకపోతే ఊపుతున్నంతసేపూ పేరు పెట్టి అరుస్తూనే ఉంటాడు.