విశాఖ నుంచి ఫ్లోరెన్స్‌కు: మూడు రోజుల మొదటి యాత్రకు ఏర్పాట్లు

విశాఖపట్నం నుంచి ఇటలీ వెళ్ళాలనుకునే కుటుంబాలు సాధారణంగా విమానం టికెట్లు చవకగా దొరికే తేదీలను ముందు ఎంచుకుని, ఆ తేదీల్లోకి నగరాన్ని ఇరికించడానికి ప్రయత్నిస్తాయి. రెండు వారాల యాత్రకు ఆ పద్ధతి సరిపోతుంది కానీ, ఒక నగరంలో మూడు రోజులే గడపబోయేవారు ఈ వరసను తిరగేయాలి. ఏ తలుపు ఏ రోజు తెరిచి ఉంటుందో మొదట చూసుకుని, దానికి తగ్గట్టు బసను, ఆ తరువాతే విమానాన్ని నిర్ణయించుకోవాలి. మొదటిసారి వెళ్ళేవారికి రోమ్ కంటే ఫ్లోరెన్స్‌నే నేను సూచిస్తాను. ముఖ్యమైన కట్టడాలన్నీ కాలినడకన అందే దూరంలో ఉండడం వల్ల తక్కువ రోజులు కూడా అక్కడ వృథా కావు.

ఉఫీజీ చిత్రశాల, మైఖెలాంజెలో డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా సోమవారం మూసి ఉంటాయి. నగరపు పెద్ద చర్చి అయిన కథీడ్రల్‌లోకి ఆదివారం ప్రార్థనకు వచ్చేవారికే తప్ప సందర్శకులకు ప్రవేశం ఉండదు. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాల్లో ప్రవేశం ఉచితమే అయినా, ఆ రోజు సగం పూట క్యూలోనే గడిచిపోయే ప్రమాదం ఉంది కనుక కొద్ది రోజులకు వెళ్ళినవారికి అది లాభసాటి కాదు. మంగళవారం సాయంత్రానికి అక్కడికి చేరి, బుధ, గురు, శుక్రవారాలను పూర్తిగా నగరానికి కేటాయించడం అన్నివిధాలా అనుకూలం.

మన బడులకు సెలవులు ఇచ్చే ఏప్రిల్ చివరి నుంచి మే నెలాఖరు వరకు అక్కడి వాతావరణం హాయిగా ఉంటుంది, అయితే ఏప్రిల్ 25, మే 1, జూన్ 2 ఇటలీలో జాతీయ సెలవు దినాలు కాబట్టి ఆ రోజుల చుట్టూ రద్దీ పెరుగుతుంది. జూలై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే, పైగా మనకున్న సముద్రపు గాలి అక్కడ ఉండదు. అక్టోబర్ మంచి నెలే కానీ, మన వైపు అది తుపానుల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన విమానాశ్రయానికి చేసిన నష్టాన్ని ఊరు ఇంకా మరచిపోలేదు. అందువల్ల విశాఖ నుంచి చివరి గమ్యం దాకా ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద టికెట్టు తీసుకోవాలి, లేదా హైదరాబాద్‌కో ఢిల్లీకో ఒక రోజు ముందే చేరుకోవాలి. విడివిడిగా కొన్న టికెట్లలో మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం ప్రయాణికుడిదే అవుతుంది.

ఇటలీతో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, కొన్ని సందర్భాల్లో 45 రోజుల వరకు పట్టవచ్చు కాబట్టి మూడు నెలల ముందే దరఖాస్తు ఇవ్వడం క్షేమం. రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరేళ్ళు నిండి పన్నెండేళ్ళు నిండని పిల్లలకు 45 యూరోలు, అంతకంటే చిన్నవారికి ఏమీ లేదు. ప్రయాణ వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు గత పదేళ్ళలో జారీ అయినదై, తిరిగి వచ్చే తేదీ తరువాత మరో మూడు నెలలు చెల్లాలి, అందులో రెండు పేజీలైనా ఖాళీగా ఉండాలి. వేలిముద్రలు ఇవ్వడానికి స్వయంగా హాజరు కావాలి కాబట్టి హైదరాబాద్ ప్రయాణాన్ని కూడా ఖర్చులో కలుపుకోవాలి. ఇదే యాత్రలో పారిస్ కూడా చేర్చేవారు ఏ దేశంలో ఎక్కువ రాత్రులు గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి.

వీసా వచ్చేదాకా రద్దు చేసుకోగల గదినే ఉంచుకుని, వీసా చేతికి అందిన రోజునే మొట్టమొదట కొనవలసింది కథీడ్రల్ గోపురం టికెట్టు. దీనికి రోజుతో పాటు సమయం కూడా నిర్దేశించి ఇస్తారు, తరువాత మార్చరు, వేళకు చేరకపోతే అవకాశం పోయినట్టే. 1420 నుంచి 1436 వరకు వాస్తుశిల్పి బ్రునెలెస్కి ఈ గోపురాన్ని కింద నుంచి ఆనించే కొయ్య సారువ లేకుండానే లేపాడు. రెండు పొరలుగా కట్టిన ఆ గోపురంలో పొరల మధ్య ఉన్న సందులోనే మనం ఎక్కే మెట్లు ఉన్నాయి. మొత్తం 463 మెట్లు, లిఫ్టు లేదు. సింహాచలం మెట్లదారి అలవాటైనవారికి ఈ సంఖ్య పెద్దది కాదు కానీ, అక్కడిలా ఆగి కూర్చోవడానికి ఇక్కడ చోటుండదు. గోడలు రెండు భుజాలకూ తగిలేంత దగ్గరగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ దారి గోపురంతో పాటే లోపలికి వంగుతుంది, ఇటుకలను వంకీలుగా అడ్డదిడ్డంగా పేర్చిన తీరు చేతికందే దూరంలో కనిపిస్తుంది. ఆ ఇటుకల అల్లికే కట్టుబడి సాగుతున్నప్పుడు వరసలు జారిపోకుండా పట్టి ఉంచింది. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్న పెద్దలను పైకి తీసుకువెళ్ళకూడదు. వారిని ఆ సమయంలో పక్కనే ఉన్న కథీడ్రల్ మ్యూజియానికి పంపితే శిల్పి గిబెర్టి చేసిన కంచు తలుపుల అసలు పలకలను నింపాదిగా చూస్తారు. బయట బాప్టిస్ట్రీకి, అంటే బాప్తిస్మం ఇచ్చే మందిరానికి, ఉన్నవి నకళ్ళు. కథీడ్రల్‌లోకి వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు ఉండాలి.

రెండో టికెట్టు ఉఫీజీకి, అదీ ఉదయం 8:15కి తెరిచే వేళకే తీసుకోవాలి. 1560లో కార్యాలయాల కోసం మొదలైన భవనం ఇది. ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదిచి వంశంలో చివరి వారసురాలు అన్నా మరియా లుయీసా 1737లో చేసిన ఒప్పందం ఆ వంశపు కళాసంపద ఫ్లోరెన్స్ దాటిపోకూడదని షరతు విధించబట్టే ఆ బొమ్మలు ఈ రోజు అక్కడ ఉన్నాయి. అన్ని గదులూ చూడాలనుకుంటే ఏదీ చూసినట్టుండదు. బొత్తిచెల్లి, లియొనార్డో, మైఖెలాంజెలో, కారవాజ్జో చిత్రాలున్న గదులకు రెండున్నర గంటలు ఇచ్చి బయటికి రావడం మంచిది. అకాడెమియాకు మరో రోజు ఒక గంట చాలు. 5.17 మీటర్ల డేవిడ్ ముందు నిలబడినప్పుడు కుడిచేతి మీద ఉబ్బిన నరాలను తప్పక చూడాలి. 1910 నుంచి వీధి చౌకులో నిలబెట్టి ఉన్న నకలును చూసి సరిపెట్టుకోవద్దు.

పీసా వాలు గోపురాన్ని ఈ మూడు రోజుల్లో చేర్చవద్దని నా గట్టి సలహా. రైలులో గంట ప్రయాణమే అయినా, రాకపోకలతో కలిపి ఒక పూటకు పూట పోతుంది. ఆ సాయంత్రం కొండ మీది చౌకు పియాజ్జాలే మైఖెలాంజెలోకు, అక్కడి నుంచి ఇంకాస్త పైనున్న సాన్ మినియాతో చర్చికి నడవడం మేలు. పొద్దు సముద్రంలోంచి పొడవడం చూసి పెరిగిన మనకు అది ఒక నదీలోయలోకి దిగడం కొత్త అనుభవం.

రోమ్‌లో దిగేవారు ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్‌లో 32 నిమిషాల్లో తెర్మిని స్టేషన్‌కు, అక్కడి నుంచి వేగవంతమైన రైలులో దాదాపు గంటన్నరలో ఫ్లోరెన్స్‌కు చేరతారు. టికెట్టు మీద స్టేషన్ పేరు 'ఫిరెంజె ఎస్.ఎం.ఎన్.' (ఫ్లోరెన్స్ సాంతా మరియా నొవెల్లా) అని ఉంటుంది. ఆ స్టేషన్‌కూ సాంతా క్రోచె చర్చికీ మధ్య బస చేస్తే ఏ బస్సూ అవసరం రాదు. పాత భవనాలు కనుక లిఫ్టు ఉందో లేదో ముందే అడగాలి. గది అద్దెకు అదనంగా తలకు, రాత్రికి ఇంత అని నగర పన్ను వసూలు చేస్తారు.

అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు, అది ఆ ప్రాంతపు ఆచారం. శాకాహారులకు రిబొల్లీతా (కూరగాయలు, రొట్టె కలిపిన చారు), పాప్పా అల్ పొమొదోరో (టమాటా, రొట్టె కలిపిన చారు) దొరుకుతాయి కానీ, మాంసం ఉడికించిన నీటితో చేశారేమో అడిగి తీసుకోవాలి. పర్మిజానో జున్నులో పాలను విరిచేందుకు దూడ కడుపు నుంచి తీసే రెనెట్ ఉంటుంది. వీధి బండ్ల మీద అమ్మే లాంప్రెదొత్తో ఆవు కడుపు మాంసం. ఇంటి నుంచి ఆవకాయ తీసుకువెళ్ళవచ్చు. నెయ్యి, మటన్ పచ్చడి, మామిడిపళ్ళు మాత్రం ఐరోపా నిబంధనల ప్రకారం సామానులో ఉండకూడదు.

తిరుగు విమానం రోమ్ నుంచి ఉదయం ఉంటే శుక్రవారం రాత్రికే రోమ్ చేరి పడుకోవాలి. తెల్లవారుజామున ఫ్లోరెన్స్‌లో బయలుదేరి విమానం అందుకోవాలని చూస్తే ఒక్క రైలు ఆలస్యంతో ఏర్పాట్లన్నీ తలకిందులవుతాయి.