హైవే మీద ఒళ్ళు పట్టేయకుండా బండిని మీ ఒంటికి సరిచేసుకోవడం

నెల్లూరు నుంచి ఒంగోలుకు 120 కిలోమీటర్లు. ఘాట్ లేదు, పెద్ద మలుపుల్లేవు. అయినా చాలామందికి కావలి దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి, సింగరాయకొండ వచ్చేసరికి నడుం పట్టేస్తుంది. అదే మనిషి దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కితే ఇంత అలసిపోడు. ఘాట్‌లో మలుపు మలుపుకీ ఒళ్ళు కదులుతుంది. హైవే మీద గంటసేపు కదలదు. సీటు వాలులోనో హ్యాండిల్ కోణంలోనో చిన్న తేడా ఉన్నా, ఆ గంటసేపూ దాని భారం ఒకే కండరం మీద, ఒకే నరం మీద పడుతూనే ఉంటుంది.

కూర్చున్న మనిషి బరువును మొదట సీటు మోయాలి, తర్వాత ఫుట్‌రెస్టులు. చేతులు బండిని తిప్పడానికే. చేతుల మీద బరువు పడుతోందంటే తప్పు చాలాసార్లు హ్యాండిల్‌లో ఉండదు, సీటులోనో పాదాల దగ్గరో ఉంటుంది. మణికట్టు నొప్పి రాగానే హ్యాండిల్ రైజర్లు (హ్యాండిల్‌ను ఎత్తే ముక్కలు) కొనేవాళ్ళు పొరపడేది ఇక్కడే. ముందుకు జారే సీటు మీద కూర్చుని హ్యాండిల్ ఎంత ఎత్తినా జారడం ఆగదు.

కాబట్టి సరిచేసే వరుస ముఖ్యం. మొదట వెనక షాకబ్జర్, తర్వాత సీటు, ఫుట్‌రెస్టులు, పెడళ్ళు, ఆ తర్వాతే హ్యాండిల్, లివర్లు. చివర్లో విండ్‌షీల్డు. షాకబ్జర్ ముందెందుకంటే, అది మారితే బండి వెనక భాగం ఎత్తు మారుతుంది, దాంతో సీటు వాలూ హ్యాండిల్ అందే దూరమూ మారతాయి. చివర్లో దాన్ని ముట్టుకుంటే చేసిన పనంతా మళ్ళీ మొదటికొస్తుంది.

కావలసినవి ఎక్కువేం కాదు: అలెన్ కీల సెట్టు, 10, 12 నంబరు స్పానర్లు, బండితో వచ్చే సి ఆకారపు స్పానరు, కుట్టుపనివాళ్ళ టేపు, తెల్ల పెయింటు మార్కరు, తోడుకి ఒక మనిషి. ఏ బోల్టు వదులు చేసే ముందైనా అది ఇప్పుడున్న చోట మార్కరుతో గీత పెట్టండి. రోజూ వేసుకునే బూట్లు, జాకెట్టు, హెల్మెట్ వేసుకునే కొలతలు తీసుకోవాలి. చెప్పులేసుకుని గేర్ పెడల్ సరిచేస్తే బూటు దాని కింద దూరదు.

షాకబ్జర్

బండిని సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాలిలో ఉండగా, ఇరుసు నుంచి నిలువుగా పైన సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. సెంటర్ స్టాండ్ లేకపోతే ఇద్దరు పట్టుకుని వెనక భాగం ఎత్తాలి. తర్వాత స్టాండ్ తీసి, మీరు ప్రయాణానికి కూర్చున్నట్టే కూర్చోండి, సామాను కూడా కట్టి. పక్కమనిషి అదే దూరం మళ్ళీ కొలవాలి. మొదటి కొలతలోంచి రెండోది తీసేస్తే వచ్చేదే మీ బరువుకు బండి దిగిన లోతు. అది చక్రం మొత్తం కదలికలో 30 నుంచి 35 శాతం ఉండాలి. 120 మిల్లీమీటర్ల కదలిక ఉన్న బండికి 36–42 మిల్లీమీటర్లు, 200 ఉన్న హిమాలయన్ 450 లాంటి బండికి 60–70 అన్నమాట.

ఎక్కువ దిగితే ప్రీలోడ్, అంటే షాకబ్జర్ స్ప్రింగు ముందస్తు బిగువు, సి ఆకారపు స్పానరుతో ఒక మెట్టు బిగించాలి. క్లాసిక్ 350 లాంటి జంట షాకబ్జర్ల బండికి రెండువైపులా ఒకే మెట్టులో ఉండాలి. ఒకటి మూడులో, ఒకటి నాలుగులో ఉన్నా బండి ఒకవైపు లాగుతున్నట్టు ఉంటుంది. తక్కువ దిగితే, అంటే షాకబ్జర్ మీకు మరీ బిగువుగా ఉంటే, ప్రతి గుంత దెబ్బా నేరుగా వెన్నుకే తగులుతుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెంట రోజూ తిరిగేవాళ్ళకి ఈ ఒక్క సర్దుబాటుతోనే నడుంనొప్పి సగం తగ్గొచ్చు. ప్రీలోడ్ మార్చాక చైను వదులు ఒకసారి చూసుకోండి.

సీటు

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసింది దీనికే. మెత్తగా ఉంటే సుఖమనుకోవడం పెద్ద అపోహ. మెత్తటి ఫోము షోరూములో హాయిగా ఉంటుంది. 40 కిలోమీటర్లయ్యాక పూర్తిగా అణిగిపోతుంది, అప్పటినుంచి మీరు కూర్చున్నది కింది ప్లాస్టిక్ పలక మీదే. ఫోము అణిగిందో లేదో తెలుసుకోవడానికి బొటనవేలితో గట్టిగా నొక్కండి. గట్టి అడుగు తగిలితే ఆ ఫోము పనికిరాదు.

పిరుదుల్లో రెండు కూర్చునే ఎముకలుంటాయి. బరువు వాటిమీద పడాలి, మధ్యలో మెత్తటి చోట కాదు. వాటి మధ్య దూరం తెలియడానికి గట్టి బల్ల మీద ముడతల అట్ట ముక్క పరిచి, దానిమీద కొంచెం ముందుకు వంగి రెండు నిమిషాలు కూర్చోండి. రెండు గుంటలు పడతాయి. వాటి మధ్యల దూరం చాలామందికి 10 నుంచి 14 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. సీటులో మీరు కూర్చునే చోట చదునైన వెడల్పు అంతకంటే నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువుండాలి. సీటు మరీ సన్నగా, గుండ్రంగా ఉంటే ఎముకలు అంచులనుంచి జారి బరువంతా మధ్యలో పడుతుంది. తిమ్మిరి వచ్చేది అందుకే.

రెండోది వాలు. బ్రేకు వేసిన ప్రతిసారీ ట్యాంకు మీదికి జారిపోతుంటే సీటు ముందుకు వాలి ఉందని అర్థం. సీటు కింద ముందు రబ్బరు బుష్‌ల దగ్గర 5 నుంచి 8 మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు పెట్టి చూడండి. ఖర్చు లేని పని, తేడా వెంటనే తెలుస్తుంది. సీటు లాకు పూర్తిగా పడుతోందో లేదో లాగి చూడడం మరవొద్దు.

అయినా తగ్గకపోతే సీటు కుట్టే షాపుకు తీసుకెళ్ళాలి. అక్కడ "మెత్తగా చెయ్యండి" అంటే వాళ్ళు పైన ఇంకో మెత్తటి పొర వేస్తారు, సమస్య రెట్టింపవుతుంది. అడగవలసింది ఇలా: కింద 40 మిల్లీమీటర్ల గట్టి ఫోము, పైన 10–15 మిల్లీమీటర్ల మెత్తటిది, కూర్చునేచోట చదును, ట్యాంకు వైపు సన్నం. రెగ్జిన్ కుట్టకముందే ఫోము మీద గుడ్డ కప్పి టేపు చుట్టి, అరగంట నడిపి రండి. కుట్టేశాక మార్చడం కష్టం. ఇంకో మాట. కుట్ల కన్నాల్లోంచి నీళ్ళు దిగుతాయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, ఫోముకీ రెగ్జిన్‌కీ మధ్య పల్చటి ప్లాస్టిక్ షీటు వేయించండి.

జెల్ ప్యాడ్లు మే నెలలో మన ఎండకు పనికిరావు. టీకొట్టు ముందు పావుగంట ఎండలో నిలిపితే వేడంతా దాచుకుని కూర్చోగానే వదులుతాయి. గాలి దిండు మేలు, కానీ బిగువుగా ఊదితే బంతి మీద కూర్చున్నట్టు ఊగుతుంది. పూర్తిగా ఊది, దానిమీద కూర్చుని, ఎముకలు అడుగుకు తగలబోతున్నంతవరకూ గాలి వదలాలి. గాలి ఆడే జాలీ కవరు వేస్తే చెమట ఆరుతుంది.

వెనక జేబులో పర్సు తీసేయండి. ఒకవైపు పిరుదు ఎత్తులో ఉంటే నడుం వంకరగా ఉంటుంది, గంట తర్వాత తొడ వెనక లాగుతుంది.

కాళ్ళు

మోకాలు లంబకోణం కంటే కొంచెం విప్పుకుని ఉండాలి. అంతకంటే ముడుచుకుంటే మోకాలి చిప్ప వెనక నొప్పి మొదలవుతుంది, పొడుగువాళ్ళకి మరీను. దీనికి ఫుట్‌రెస్టు దించడం కంటే సీటు 20 మిల్లీమీటర్లు ఎత్తడం మంచిది. ఫుట్‌రెస్టు దించితే మలుపులో వంచినప్పుడు అది ముందే రోడ్డుకు రాసుకుంటుంది. ఆగినప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలన్న పట్టుదల వద్దు. రెండు పాదాల ముందుభాగాలో, ఒక పాదం పూర్తిగానో ఆనితే చాలు.

గేర్ పెడల్ ఎత్తు చూడడానికి, పాదం ఫుట్‌రెస్టు మీద సహజంగా ఉంచి మడమ కదపకుండా బూటు ముందుభాగం పెడల్ కిందికి దూర్చండి. పాదం ముందుభాగం బాగా కిందికి వంచవలసి వస్తే పెడల్ కిందికి ఉంది. పెడల్‌ను గేర్ షాఫ్టుకు కలిపే రాడ్డు ఉన్న బండ్లకి దాని రెండు చివర్లా లాక్ నట్లుంటాయి, వాటిలో ఒకదానికి మామూలుగా ఉల్టా థ్రెడ్ ఉంటుంది. తిరగడంలేదని బలం పెడితే థ్రెడ్ పోతుంది. రెండూ వదులు చేసి, రాడ్డు సగం చుట్టు తిప్పి, కూర్చుని చూసి, మళ్ళీ తిప్పాలి. రాడ్డు లేని బండికి పెడల్‌ను షాఫ్టు మీద ఒక పన్ను జరపడమే.

బ్రేకు పెడల్ దించితే మూడు పనులు తప్పనిసరి. పెడల్‌కు కొంచెం వదులు మిగిలిందా, వెనక చక్రం చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరుగుతోందా, బ్రేకు లైటు సరైన సమయానికి వెలుగుతోందా చూడాలి. చక్రం పట్టేస్తుంటే పది కిలోమీటర్లలో డిస్కు కాలిపోతుంది.

హ్యాండిల్, లివర్లు

బండి కదలకుండా పట్టించి, కూర్చుని, కళ్ళు మూసుకుని, భుజాలు వదిలేసి చేతులు ముందుకు చాపండి. అరచేతులు సహజంగా వచ్చిన చోటికీ గ్రిప్పుకీ ఎంత దూరముందో పక్కమనిషి చెప్పాలి. తర్వాత చేతులు గ్రిప్పుల మీదనుంచి ఒక అంగుళం ఎత్తండి. ఒళ్ళు ముందుకు పడిపోతే హ్యాండిల్ దూరంగా ఉంది.

క్లాంప్ బోల్టులు వదులు చేసి హ్యాండిల్‌ను మీవైపు కొద్దిగా తిప్పితే చాలాసార్లు సరిపోతుంది. ఎక్కువ తిప్పితే గ్రిప్పుల చివర్లు కిందికి వాలి మణికట్టు పక్కకి వంగుతుంది. బిగించేటప్పుడు మాన్యువల్లో చెప్పిన బోల్టుల వరుస, బిగువు పాటించండి. రైజర్లు వేయవలసే వస్తే 20–30 మిల్లీమీటర్లతో ఆగండి. వేశాక ఇంజను ఆన్ చేసి హ్యాండిల్‌ను ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పండి. ఇంజను రేసు పెరిగితే యాక్సిలేటర్ కేబుల్ లాగుతోందన్నమాట. ఆ బండిని రోడ్డెక్కించొద్దు. క్లచ్ కేబుల్, బ్రేకు పైపు కూడా ఎక్కడా బిగుసుకోకూడదు.

లివర్లను ఎవరూ పట్టించుకోరు గానీ మణికట్టు నొప్పికి పెద్ద కారణం అవే. ముంజేయి, అరచెయ్యి వెనక భాగం, చాపిన వేళ్ళు ఒకే తిన్నని గీతలో ఉండగా వేళ్ళు లివర్ మీద పడాలి. షోరూము నుంచి వచ్చిన బండ్లలో లివర్లు చాలావరకు ఎత్తుగా ఉంటాయి, వేళ్ళు పెట్టడానికి మణికట్టు పైకి విరవాలి. క్లాంపు వదులు చేసి కిందికి తిప్పండి. గట్టిగా కదిపితేనే తిరిగేంత బిగువు చాలు, అప్పుడు బండి పడినా లివర్ విరగకుండా తిరుగుతుంది. తిప్పాక బ్రేకు ఆయిలు మట్టం, క్లచ్ వదులు చూసుకోండి.

యాక్సిలేటర్‌ను పట్టుకునే తీరు కూడా ఉంది. వదిలేసి ఉన్నప్పుడు మణికట్టు తిన్నగా పట్టుకుంటే, 80 వేగంలో అది కిందికి విరిగి ఉంటుంది. అందుకే మొదటే మణికట్టు కొంచెం ఎత్తి పట్టుకోవాలి, వేగంలో ఉన్నప్పుడు తిన్నగా వచ్చేట్టు. తిమ్మిరి ఏ వేళ్ళకో గమనించండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు అయితే మణికట్టు వంగి నరం నొక్కుకుంటోంది. ఉంగరపువేలు, చిటికెనవేలు అయితే అరచేతి బయటి అంచు మీద బరువు పడుతోంది, లేదా మోచెయ్యి మరీ ముడుచుకుంది.

గాలి

మే, జూన్ నెలల్లో పడమటి గాలి ఉత్తరంగా పోయే బండికి ఎడమవైపునుంచి కొడుతుంది. తెలియకుండానే ఆ భుజం బిగపట్టి ఉంటారు. మోకాళ్ళతో ట్యాంకును మెత్తగా పట్టుకుని మోచేతులు వదులుగా ఉంచితే గాలి బండిని కొద్దిగా ఊపినా చేతులకు పని పెరగదు. విండ్‌షీల్డు అంచు ముక్కు ఎత్తు దగ్గరుండి, దాని పైనుంచి రోడ్డు కనబడాలి. హెల్మెట్ దడదడలాడుతుంటే ఖాళీ రోడ్డు మీద కాస్త లేచి చూడండి, తర్వాత కాస్త వంగి చూడండి. లేస్తే తగ్గితే షీల్డు ఎత్తెక్కువ, వంగితే తగ్గితే పొట్టి. ఎత్తైన షీల్డు ఎండాకాలంలో ఛాతీకి గాలి తగలనివ్వదని గుర్తుంచుకోండి.

పరీక్ష

ఒకసారికి ఒక మార్పే. నెల్లూరు వాళ్ళు కావలి దాకా, ఒంగోలు వాళ్ళు సింగరాయకొండ దాకా పోయి వస్తే సరిపోతుంది. ఏ నొప్పి ఎన్నో కిలోమీటరులో మొదలైందో రాసుకోండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఎంత సరిచేసినా గంటకోసారి దిగాలి. నెల్లూరు–ఒంగోలు దారిలో ముసునూరు, టంగుటూరు టోల్‌గేట్లు దీనికి మంచి గుర్తులు. ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు, దాటి పక్కన ఆపితే చాలు. ఉప్పేసిన మజ్జిగ తాగండి, నీళ్ళు తగ్గితే కండరాలు పట్టేస్తాయి. మధ్యలో పావుగంటకోసారి రోడ్డు ఖాళీ చూసుకుని అర నిమిషం ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడండి.

వెనక మనిషి ఎక్కితే ప్రీలోడ్ ఒకటి రెండు మెట్లు పెంచి, హెడ్‌లైటు కొంచెం దించండి. లేకపోతే వెలుగంతా ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. బరువు సామాను వెనక డబ్బాలో కాకుండా పక్క సంచుల్లో, వీలైనంత కిందికి, ముందుకి కట్టండి. వీపు సంచి తగిలించుకుంటే దాని బరువు భుజాల మీదినుంచి మళ్ళీ చేతుల్లోకే దిగుతుంది.

వదులు చేసి బిగించిన ప్రతి బోల్టునూ 100 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ చూడండి. పెద్ద ప్రయాణానికి ముందురోజు మాత్రం కొత్తగా ఏదీ మార్చొద్దు.